దుర్భిక్షము - దూరదేశపు ధర్మము: అనంతపుర మండల పరిశీలన

తెలుగున కరువునకు పర్యాయములుగా వాడుకలోనున్న సంస్కృత పదములలో ‘దుర్భిక్షము’ విశేషార్థము గలది. ‘క్షామము’ కృశించుటను తెలుపును. ‘అనావృష్టి’ వాన లేమిని తెలుపును. దుర్భిక్షమన్ననో భిక్ష దొరకుట దుర్లభమైన కాలము. దీనికి ప్రతియోగియైన ‘సుభిక్షము’ భిక్ష సులభముగా దొరకు కాలము. అనగా ఈ జంటపదములు దేశస్థితిని వానతోగాని పంటతోగాని కొలువక, అడిగినవానికి ఇచ్చువాడున్నాడా లేడా అను ప్రశ్నతో కొలుచుచున్నవి. దేశమందలి వారందరును ఒక్కసారిగా లేనివారైనప్పుడు భిక్ష వెలుపలినుండియే రావలెను. అనంతపుర మండలమునకు అట్లు వెలుపలినుండి వచ్చిన ధర్మములో అధికభాగము సముద్రములకావలి క్రైస్తవుల చేతులనుండి వచ్చినది. ఆ ధర్మము కాలక్రమమున ఏయే రూపములు దాల్చెనో, ఏ రూపము నిలిచెనో, ఎందువలన నిలిచెనో వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా భూమిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. అనంతపుర మండలమున సగటు వార్షిక వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరము నుండి ఇంత లోపలికి వచ్చునప్పటికి బలహీనమగును. పలుచని ఎఱ్ఱనేల, దానిక్రింద గట్టిరాయి, వానను నమ్మిన వేరుసెనగ పైరు: ఇవి యీ పీఠభూమి లక్షణములు. 1800లో నిజాము ఆంగ్లేయులకు దత్తము చేసిన సీమలో ఇది భాగము. 1882లో బళ్ళారి జిల్లానుండి వేరుపడి ప్రత్యేక జిల్లాయైనది. 2022 ఏప్రిల్ 4న దీనినుండి శ్రీ సత్యసాయి జిల్లా విడివడినది. ఈ వ్యాసమున అనంతపుర మండలమన్నచో ఆ విభాగమునకు పూర్వపు ఎల్లలనే గ్రహింపవలెను.

1876-78 నాటి మహాక్షామమును జనులు తెలుగు సంవత్సరముల పేరిట ధాత కరువని వ్యవహరించిరి. ధాత, ఈశ్వర సంవత్సరములు రెంటను వ్యాపించిన ఆ కరువున, అనంతపురముతో కూడియున్న నాటి బళ్ళారి జిల్లా మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో నొకటి. సర్వకారు కరువు పనులను తెరచినది. కాని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును కొద్దిపాటి సొమ్మును మాత్రమే. ఆ తిండితో మనుష్యుడు పనిచేసి బ్రతుకజాలడని మదరాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించెను. 1877లో లండను నగరమున మాన్షన్ హౌస్ నిధి ఏర్పడి, అక్కడి ప్రజలిచ్చిన విరాళములు మదరాసు రాజధానికి వచ్చెను. ఈ నిధి విషయమున గమనింపదగిన దొకటి కలదు. వాన పడిన పిమ్మట అది విత్తనములకు, ఎడ్లకు, కూలిన ఇండ్లను నిలుపుకొనుటకు రైతులకు సాయపడినది. గంజి ప్రాణమును నిలుపును. విత్తనము సంసారమును నిలుపును. ఈ భేదము తర్వాతి చరిత్ర యంతటికిని తాళపుచెవి వంటిది.

ఈ సీమకు క్రైస్తవ మిషనరీలు అప్పటికి క్రొత్తవారు కారు. లండన్ మిషన్ వారు బళ్ళారిలో 1810 నుండియు ఉండిరి. తరువాత గుత్తి మున్నగు చోట్లకు వ్యాపించిరి. కరువునాటి మిషనరీ ధర్మమునందలి చిక్కు స్పష్టముగా తెలియుటకు మాత్రము ఈ మండలమును దాటి, అదే కరువున ఒంగోలులో జరిగినదానిని చూడవలెను. అచ్చటి అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పూర్వము భూమికొలతల పని నేర్చినవాడు. అతడు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టు పుచ్చుకొని, ముఖ్యముగా మాదిగలకు పని కల్పించి కూలి ఇచ్చెను. అన్నమునకై మతమునందు చేరుదురను శంకచే కరువు ముగియువరకును బాప్తిస్మములను ఆపియుంచెను. 1878 జూలై 3న మాత్రము ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. అది ఆకలి ఫలమా, విశ్వాస ఫలమా, లేక తమను మనుష్యులుగా చూచి పని చెప్పినవానియందలి నమ్మకమా అను చర్చ నేటికిని ముగియలేదు. ఒక్కటి మాత్రము నిస్సందేహము. ఇచ్చువాడు తన ఈవికి ప్రతిఫలముగా దేనిని కోరుచున్నాడను ప్రశ్న నాడే పుట్టినది. దూరదేశపు ధర్మమును అది నీడవలె వెంబడించుచునే యున్నది.

ఇట నొక భావభేదమును గుర్తింపవలెను. మన ధర్మశాస్త్రములు దానమునకు దేశ కాల పాత్రములను విధించినవి. దాత పుణ్యమును పొందును. ప్రతిగ్రహీతకు అర్హత కావలెను. అన్నదానమునకు మాత్రము ఆకలియే అర్హత. క్రైస్తవ దాతృత్వమునకు ఆధారము వేరొకటి. అది ‘పొరుగువాడు’ అను భావము. తెలుగు బైబిలు అనువాదకులు ఈ అచ్చతెనుగు మాటను గ్రహించుటచే అందొక విచిత్రమైన అర్థవ్యాప్తి కలిగినది. తెలుగువారికి పొరుగనగా ప్రక్కయిల్లు. సువార్తలోని సమరయుని కథ దారిన పడియున్న పరాయివానినే పొరుగువానిగా చేయుచున్నది. ఇంగ్లండుననో స్పెయిన్‌ననో ఉన్న మనుష్యునకు అనంతపురపు కూలివాడు పొరుగువాడగుట ఈ అర్థవ్యాప్తి వలననే. కాని పొరుగువారి నడుమ ఇచ్చిపుచ్చుకొనుట యుండును. ఒకరే ఇచ్చుచు వేరొకరే పుచ్చుకొనుచు నుండిన అది పొరుగుతనము కాదు. దూరదేశపు ధర్మమునకు అసలైన పరీక్ష ఇదియే.

1952 నాటికిని ఈ సీమలో గంజి కేంద్రములు తెరువవలసి వచ్చెను. ఈ మండలమువాడేయైన విద్వాన్ విశ్వము ‘పెన్నేటి పాట’ కావ్యమునకు ఈ సీమ దైన్యమే వస్తువైనది. అదే 1952లో విన్సెంట్ ఫెర్రర్ అను స్పెయిన్ దేశపు జెస్యూటు బొంబాయిలో దిగెను. అతడు 1920లో బార్సిలోనాలో జన్మించి, స్పెయిన్ అంతర్యుద్ధమున పోరాడి, ఓడినపక్షమువాడై నిర్బంధమును చవిచూచి, 1944లో జెస్యూటు సంఘమున చేరినవాడు. మహారాష్ట్రములోని మన్మాడు ప్రాంతమున అతడు పేదరైతులకు ఉచితముగా తిండి పెట్టలేదు. తమ పొలమున తామే బావి త్రవ్వుకొన్న రైతులకు గోధుమలను, నూనెను ఇచ్చెను. రైతులకు అతనియందు కలిగిన విశ్వాసము కొందరు పెద్దలకు శంకాకారణమైనది. 1968లో దేశము విడిచిపొమ్మని ఉత్తరువు వచ్చెను. వేలకొలది రైతులు దానిని నిరసించుచు బొంబాయికి నడచిరి. ప్రధాని ఇందిరాగాంధి కలుగజేసికొనుటచే అతడు కొంతకాలము విదేశమునకు వెళ్ళి, 1969లో తిరిగివచ్చి అనంతపురమున నిలిచెను.

అచ్చట జరిగిన మార్పు మన విషయమునకు ముఖ్యము. 1970లో ఫెర్రర్ జెస్యూటు సంఘమును వీడి, ఆంగ్లవనితయు పత్రికారచయిత్రియునైన ఆన్ పెర్రీని వివాహమాడెను. వారు నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు చర్చికి లోబడిన మిషను కాదు. మతప్రచారము దాని కార్యక్రమములలో లేదు. కావున దీనిని క్రైస్తవ సంస్థ యనుటకంటె, క్రైస్తవ భావమునుండి పుట్టి లౌకిక రూపమును దాల్చిన సంస్థ యనుట సమంజసము. ఒంగోలున పుట్టిన ప్రశ్నకు ఇది తొంబదియేండ్ల తరువాత లభించిన ఒక సమాధానము. ఈవికి బదులుగా విశ్వాసమును కోరకుండుటకు ఈ సంస్థ విశ్వాసప్రచారమునే కార్యక్రమమునుండి తొలగించినది.

మరి ధనమెట్లు వచ్చును? స్పెయిన్‌లోని సామాన్య కుటుంబములు నెలనెల కొద్దిమొత్తము చెల్లించి ఇచ్చటి ఒక బిడ్డను ‘దత్తత’ వంటి సంబంధముతో పోషించు పద్ధతి దీనికి మూలాధారము. ఇచట ‘దత్తత’ యను మాట కేవలము ఔపచారికము. బిడ్డ తన తల్లిదండ్రుల యింటనే యుండును. దాత యిచ్చు సొమ్ము ఆ బిడ్డ చేతికిగాని తల్లిదండ్రులకుగాని చేరదు. అట్టి సొమ్మంతయు కలిసి ఊరి బడికి, వైద్యమునకు, ఇండ్లకు, నీటికి వినియోగపడును. బిడ్డకు దక్కునది ఒక ఉత్తరముల సంబంధము. తెలుగున వ్రాసిన ఆ ఉత్తరములు అనువాదమై స్పెయిన్‌నకు పోవును. అచ్చటి జాబులు తెలుగై తిరిగివచ్చును. ఒక్కని పేర వచ్చిన ధనము ఊరందరిదగుట ఈ పద్ధతియందలి గుణము. ఒక్కబిడ్డకే సొమ్మిచ్చినచో ఇరుగుపొరుగున అసూయయు, ఆ యింట పరాధీనతయు పుట్టెడివి. ఈ వ్యవస్థను స్థిరపరచుటకై 1996లో బార్సిలోనాలో విన్సెంట్ ఫెర్రర్ ఫౌండేషను ఏర్పడినది. 1998లో ఫెర్రరునకు స్పెయిన్ దేశపు ఆస్టురియాస్ రాజకుమార పురస్కారము లభించెను.

ఈ ధనముచే జరిగిన పనులను వరుసగా పేర్కొనుటకంటె వాని స్వభావమును చెప్పుట మేలు. ఊట చెరువులు, చెక్‌డ్యాములు, పొలపు గట్లు వాననీటిని నిలుపునవి. దళితవాడలందు కట్టిన ఇండ్లు స్త్రీల పేర రిజిస్టరు చేయబడినవి. ఇల్లు ఆమెదగుటచే ఇంటియందు ఆమె మాటకు బలము కలుగును. బత్తలపల్లి, కల్యాణదుర్గము, కణేకల్లు ఊళ్ళలోని ఆసుపత్రులు పట్టణమునకు పోలేని రోగులకు సమీపమున నున్నవి. చూపులేని, వినికిడిలేని పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు కలవు. వీనిలో ఒక్కటియు గంజి కాదు. ఒక్కొక్కటియు, వచ్చు కరువునాటికి మనుష్యుడు చేయిచాపకుండ నిలుచుటకు కావలసిన ఆస్తి. దూరమునుండి వచ్చిన ధర్మము క్రైస్తవులది మాత్రమే యనుటయు సరికాదు. 1990ల దశాబ్దిలో పుట్టపర్తి సత్యసాయి సంస్థ ఈ మండలమున నడపిన త్రాగునీటి పథకము 731 గ్రామములకు ఉద్దేశింపబడినది. నేలకు కావలసినది నీరని తెలిసికొన్నప్పుడు భిన్నమతముల దాతృత్వము ఒకే తావునకు చేరినది.

ఐనను లోపములను దాచరాదు. మొదటిది భూమికి సంబంధించినది. బోరుబావుల విస్తరణముచే భూగర్భజలము అడుగంటుచుండగా ఏ ధర్మసంస్థయు వానను తేజాలదు. కరువేళ బెంగుళూరునకు కూలికై పోవు వలస నేటికిని ఆగలేదు. రెండవది సంబంధమునకు చెందినది. దాతకు బిడ్డ ఛాయాచిత్రము చేరును. బిడ్డకు దాత జీవితము అంతగా తెలియదు. ఉత్తరములు రెండువైపుల నడచినను చూపు అధికముగా ఒకవైపే నడచును. మూడవది రాజ్యమునకు సంబంధించినది. విదేశ విరాళములను నియంత్రించు చట్టము 1976లో పుట్టి, 2010లో క్రొత్తరూపు దాల్చి, 2020లో మరింత బిగిసినది. ఆ సవరణ ప్రకారము విదేశపు సొమ్ము ఢిల్లీలోని ఒకే బ్యాంకుశాఖలో చేరవలెను. ఒక సంస్థ పుచ్చుకొన్నది వేరొక సంస్థకు ఇయ్యరాదు. నిర్వహణ వ్యయము నూటికి ఇరువదిని మించరాదు. 2025లో ఈ సంస్థ అనుమతి పునరుద్ధరణ విషయమున మండలమంతట ఆందోళన రేగినది. పరదేశపు సొమ్మును లెక్కగట్టి చూచు అధికారము రాజ్యమునకు కలదు. కాని ఒక ఆసుపత్రి తలుపు తెరచియుండుట రెండు దూరస్థానముల నిర్ణయముపై, అనగా స్పెయిన్‌లోని కుటుంబముల దయపైనను ఢిల్లీలోని కార్యాలయపు సంతకముపైనను, ఆధారపడుట ఈ ధర్మమునకు సహజమైన బలహీనత.

ఈ బలహీనతకు ప్రతిక్రియ ఏది? ఈ సంస్థవారు గ్రామములందు ఇంటింటికి హుండీలను పంచి, సాయమును పొందిన కుటుంబములే తోచినంత వేసి తమకంటె దీనులకు ఇచ్చు నొక పద్ధతిని ప్రవేశపెట్టిరి. దేవాలయమున కానుకలకు వాడబడు ‘హుండి’ యను పదము ఇట్లు పేదవాని గూటిలోనికి వచ్చినది. చేరిన మొత్తము స్పెయిన్‌నుండి వచ్చు ధనముతో పోల్చదగినది కాకపోవచ్చును. కాని అర్థమున అది దానికంటె గొప్పది. నిన్నటి ప్రతిగ్రహీత నేడు దాత యగుచున్నాడు; సమరయుని కథలో దారిన పడియున్నవాడు లేచి మరియొకనికి చేయూత నిచ్చుచున్నాడు.

2009 జూన్ 19న ఫెర్రర్ అనంతపురమున మరణించెను. అతనిని పూజనీయునిగా స్తుతించుట సులభము, పరదేశియని శంకించుటయు సులభము. పరిశోధకునకు ఈ రెండును చాలవు. దూరదేశపు సాయమును విమర్శించునప్పుడు ఎంత ధనము వచ్చెనను లెక్కకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెను. ఇచ్చువాడు బదులుగా దేనిని కోరెను? ఇచ్చినది నాటి ఆకలితో తీరిపోయెనా, రేపటికి మిగిలెనా? పుచ్చుకొన్నవాడు ఎన్నడైన ఇయ్యగలవాడాయెనా? గంజి కేంద్రము మొదటి ప్రశ్నకు నిలువవచ్చును, రెండవదానికి నిలువదు. కూలిపని రెండవదానికి సగము నిలుచును. బావి, బడి, భార్యపేరిటి ఇల్లు రెండవదానికి పూర్తిగా నిలుచును. వాని బలముననే మూడవదానికి సమాధానము చెప్పగల మనుష్యుడు పుట్టును.

మన భాష ఈ సత్యమును ముందే ఎరిగినట్లున్నది. సుభిక్షమనగా అందరికిని భిక్ష దొరకు దేశమని మాత్రమే తలచుచుందుము. భిక్ష దొరకవలెనన్న ప్రతి యింటను భిక్ష పెట్టగలవాడు ఉండవలెను గదా! వెలుపలినుండి వచ్చిన భిక్ష ఎంత అధికమైనను దుర్భిక్షమును వాయిదా వేయగలదేగాని తొలగింపజాలదు. అడుగువాని గుడిసెనే ఇచ్చువాని ఇల్లుగా మార్చిననాడే ఆ పదము ఈ పీఠభూమిని విడిచిపోవును. ఈ దృష్టితో రాయలసీమ కరువు సాహిత్యమును, మిషనరీ లేఖలను, గ్రామస్థుల మౌఖిక వృత్తాంతములను కలిపి పరిశీలింపవలసిన పని మన శాఖలయందలి పరిశోధక విద్యార్థులకు మిగిలియున్నది.