యాభై తొమ్మిది, ఇరవై రెండు

తెల్లవారుజామున ఐదున్నర అంటే నాకు నిద్ర లేచే టైమ్ కాదు, పడుకునే టైమ్. కానీ పోయిన అక్టోబర్ చివరి శనివారం ఆ వేళకి నేను మా ఊరి హామ్ రేడియో క్లబ్ వాళ్ల మేడ మీది గదిలో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాను. పక్కన మైక్ దగ్గర మాస్టారు. (టెలిఫోన్స్‌లో రిటైరయ్యారు. ఎవరికీ పాఠాలు చెప్పినట్టు లేదు కానీ అందరూ మాస్టారనే అంటారు.) సరిగ్గా 5:30 అయింది. అప్పటిదాకా ఒకటో రెండో గొంతులు వినిపిస్తున్న రేడియోలో ఒక్కసారిగా సంత మొదలైంది. ఇటలీ, జపాన్, రష్యా, ఎక్కడెక్కడి గొంతులో, అందరూ ఒకేసారి అరుస్తున్నారు.

దాని పేరు సీక్యూ వరల్డ్‌వైడ్ డీఎక్స్ కాంటెస్ట్. డీఎక్స్ అంటే దూరం అని అర్థం చేసుకోండి. ఏటా అక్టోబర్ చివరి పూర్తి వారాంతంలో మాటలతో, నవంబర్ చివరి పూర్తి వారాంతంలో మోర్స్ కోడ్‌తో జరుగుతుంది. ఒక్కోటీ 48 గంటలు. గ్రీనిచ్ టైమ్ ప్రకారం అర్ధరాత్రి మొదలవుతుంది కాబట్టి మనకి ఐదున్నర.

హామ్ రేడియో గురించి తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో: ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై లైసెన్స్ తీసుకుంటే సొంత ట్రాన్స్‌మిటర్‌తో ప్రపంచంలో ఇంకో హామ్‌తో మాట్లాడొచ్చు. డబ్బు సంపాదించడానికి వాడకూడదు, ఉట్టి హాబీ. ఒక్కొక్కరికీ ఒక కాల్ సైన్ ఇస్తారు. మన దేశం వాళ్లవి మామూలుగా వీయూతో మొదలవుతాయి. నాకు ఇంకా లైసెన్స్ లేదు, కాబట్టి మైక్ ముట్టుకునే ప్రసక్తే లేదు. నా పని లాగింగ్, అంటే విన్నది టైప్ చేయడం.

పోటీ ఏమిటంటే ఈ 48 గంటల్లో వీలైనన్ని స్టేషన్లతో, వీలైనన్ని దేశాలతో మాట్లాడాలి. "మాట్లాడాలి" అన్నానే గానీ అక్కడ మాట అంటూ ఏమీ ఉండదు. ఎదుటివాడు తన కాల్ సైన్ చెప్తాడు. మాస్టారు దాన్ని తిరిగి చెప్పి "ఫైవ్ నైన్, టూ టూ" అంటారు. అతను "ఫైవ్ నైన్, వన్ ఫోర్" అంటాడు. "థాంక్యూ." అయిపోయింది. ఐదారు సెకన్లు. బాగున్నారా లేదు, భోజనం చేశారా లేదు. మా అమ్మమ్మ వింటే "ఇదేం మర్యాదరా" అనేది.

ఇందులో 59 అంటే నీ సిగ్నల్ అద్భుతంగా వినిపిస్తోందని. తమాషా ఏంటంటే అందరూ అందరికీ 59 ఇస్తారు. "మీ సిగ్నల్ యాభై తొమ్మిది, ఇంతకీ మీ కాల్ సైన్ మళ్లీ చెప్పండి, సరిగా వినపడలేదు" అనడం అక్కడ మామూలు విషయం. రెండోది జోన్ నంబర్. ఈ పోటీ కోసం ప్రపంచాన్ని 40 జోన్లుగా విడగొట్టారు. మనది 22, జర్మనీ 14, జపాన్ 25. ఇది కూడా చాలావరకు కాల్ సైన్ చూస్తే తెలిసిపోతుంది, సాఫ్ట్‌వేరే నింపేస్తుంది.

ఇక్కడే నాకు క్లాసులో సగం విన్న క్లాడ్ షానన్ గుర్తొచ్చాడు. ముందే తెలిసిపోయే విషయంలో సమాచారం ఉండదు అన్నది 1948 నాటి ఆయన పేపర్‌లోని అసలు సంగతి. 59 ఎప్పుడూ 59 కాబట్టి అందులో సమాచారం సున్నా. జోన్‌లోనూ దాదాపు సున్నా. అంటే ఆ ఐదారు సెకన్లలో నిజంగా చేరవేయాల్సింది ఒక్కటే: కాల్ సైన్. ఐదారు అక్షరాలు, అంకెలు. అంతే కదా అనిపిస్తుంది. రాత్రి మూడింటికి, ఎక్కడో ఉరుముల గరగర మధ్య, వంద వాట్లతో (పాత బల్బు ఒకటి వెలగడానికి పట్టే పవర్ అది) ఏడు వేల కిలోమీటర్ల అవతల నుంచి వచ్చిన గొంతులో "బి" అన్నాడో "డి" అన్నాడో "పి" అన్నాడో చెప్పండి చూద్దాం.

అందుకే అక్షరాలకి బదులు మాటలు వాడతారు. ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా. మనం "అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు" అని నేర్చుకున్నది కూడా ఇలాంటిదే, కాకపోతే మనం పలక మీద నేర్చుకుని వదిలేశాం, వీళ్లు జీవితాంతం వాడతారు. పైగా ఒక మాట ఎదుటివాడికి అందకపోతే ఇంకో మాట అందుకుంటారు. డెల్టా దాటకపోతే డెన్మార్క్, కిలో దాటకపోతే కిలోవాట్. మొదటి గంటలో ఒకాయన "డెన్మార్క్, డెన్మార్క్" అంటుంటే నేను సంబరంగా "మాస్టారూ, డెన్మార్క్ దొరికింది!" అన్నాను. ఆయన జర్మన్.

ఇక స్కోరు లెక్క. వేరే ఖండంతో కాంటాక్ట్ అయితే 3 పాయింట్లు. మన ఖండంలోనే వేరే దేశమైతే 1. మన దేశమే అయితే సున్నా. పొద్దున్నే జపాన్ వాళ్లు వరసకట్టి పిలుస్తారు, వినడానికి పండగే, కానీ వాళ్లదీ ఆసియానే కాబట్టి తలకి ఒక్క పాయింటే. తర్వాత ప్రతి బ్యాండ్‌లో దొరికిన దేశాలు, జోన్లు అన్నీ లెక్కపెట్టి, ఆ మొత్తంతో పాయింట్లని గుణిస్తారు. కూడడం కాదు, గుణించడం. ఉదాహరణకి 400 కాంటాక్టులు, అన్నీ 3 పాయింట్లవే అనుకుందాం. 1200 పాయింట్లు. గుణకం 150 అయితే స్కోరు 1,80,000. ఇప్పుడు ఇంకో మామూలు యూరప్ స్టేషన్ దొరికితే 450 పెరుగుతుంది. అదే ఆ బ్యాండ్‌లో అప్పటిదాకా దొరకని దేశమైతే 1,653. దాదాపు నాలుగు రెట్లు!

దాంతో ప్రతి నిమిషం ఒక సందిగ్ధం. ఒక ఫ్రీక్వెన్సీలో కొట్టు పెట్టుకుని కూర్చుంటే బేరాలు గబగబా వస్తాయి, కానీ అవే దేశాలు. గంప నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగితే కొత్త దేశం దొరకొచ్చు, గంటకి పది కాంటాక్టులే అవ్వచ్చు. మాస్టారు కొట్టు మనిషి. మా సీనియర్ అన్న గంప మనిషి. రెండు రోజులూ ఇద్దరికీ ఇదే వాదన.

ఆకాశం కూడా వీళ్ల మాట వినదు. షార్ట్‌వేవ్ సిగ్నల్ పైనున్న అయనోస్ఫియర్‌ని తగిలి వంగి కిందికి వస్తుంది. ఆ పొరని తయారుచేసేది సూర్యుడు. అందుకే పగలు 10, 15 మీటర్ల బ్యాండ్లు, రాత్రి 40, 80 మీటర్లు. మాకు పొద్దున జపాన్, మధ్యాహ్నం దాటాక యూరప్, సాయంత్రం అమెరికా తూర్పు తీరం. ఎండ ఎటు నడిస్తే మేమూ అటు.

అసలు క్లబ్ ఎక్కడొస్తుందంటే, ఈ పోటీలో విడిగా క్లబ్ స్కోరు ఉంటుంది. సభ్యులు ఎవరి ఇంట్లో వాళ్లు ఆడినా లాగ్ మీద క్లబ్ పేరు రాస్తే స్కోర్లన్నీ కలుస్తాయి. అమెరికాలో యాంకీ క్లిపర్, ఫ్రాంక్‌ఫర్డ్, పొటోమాక్ వ్యాలీ క్లబ్బుల మధ్య ఏళ్ల తరబడి పోటీ, మన దగ్గర పక్కపక్క ఊళ్ల కబడ్డీ జట్ల లాగా. జర్మనీలో బవేరియన్ కాంటెస్ట్ క్లబ్ ఇంకో పెద్ద పేరు. వాళ్ల బలం పెద్ద పెద్ద టవర్లే కాదు, అపార్ట్‌మెంట్ బాల్కనీ నుంచి తీగ వేలాడదీసి ముప్పై కాంటాక్టులు చేసి పంపేవాళ్లు కూడా. మా క్లబ్‌లో అలాంటి వాళ్లే ఎక్కువ. ఒకటే కండిషన్: పోటీ నడుస్తుండగా "నేను ఫలానా ఫ్రీక్వెన్సీలో ఉన్నా, రండి" అని వాట్సాప్‌లో పిలుచుకోకూడదు. గాల్లో వెతుక్కోవాల్సిందే.

ఇప్పుడు నా ఘనకార్యం. రెండో రాత్రి మూడు దాటింది. 40 మీటర్లు. నీరసంగా ఉన్న ఒక యూరప్ స్టేషన్. మాస్టారు రెండుసార్లు అడిగి, తిరిగి చెప్పి, కాంటాక్ట్ పూర్తిచేశారు. నేను సగం కాల్ సైన్ కొట్టేసరికి సాఫ్ట్‌వేర్ ఒక పూర్తి కాల్ సైన్ చూపించింది. పోటీల్లో తరచూ కనిపించే కాల్ సైన్ల జాబితా ఒకటి దాని దగ్గర ఉంటుంది, మన ఫోన్ కీబోర్డ్ సజెషన్ లాంటిదే. నేను విన్న చివరి అక్షరం, అది చూపించిన చివరి అక్షరం ఒకటి కాదు. కానీ కళ్లు మూతలు పడుతున్నాయి, తర్వాతి వాడు అప్పటికే పిలుస్తున్నాడు. ఎంటర్ కొట్టేశాను.

సోమవారం పొద్దున 5:30కి అంతా అయ్యాక టీ తాగుతుంటే అది గుర్తొచ్చింది.

"మాస్టారూ, ఒక కాల్‌లో చివరి అక్షరం తప్పు కొట్టాననిపిస్తోంది. రికార్డింగ్ ఉంది కదా, విని మార్చేద్దామా?"

"మార్చకూడదు బాబూ. పోటీ అయిపోయాక రికార్డింగ్ విని గానీ, లిస్టు చూసి గానీ కాల్ సైన్ దిద్దకూడదని రూల్."

"కానీ అతనితో మాట్లాడింది నిజమే కదండీ."

"నిజమే. నువ్వు రాసింది నిజమా?"

లాగ్ అలాగే వెళ్లింది. అక్కడ వేల లాగులు ఒకదానితో ఒకటి పోల్చి చూస్తారు. మన సీఎస్ వాళ్ల భాషలో పెద్ద జాయిన్ ఆపరేషన్. నా లాగ్‌లో నువ్వు, నీ లాగ్‌లో నేను, ఒకే బ్యాండ్, ఒకే టైమ్. రెండూ కలిస్తేనే కాంటాక్ట్. కలవకపోతే ఆ పాయింట్లు పోవడమే కాదు, పైన జరిమానా కూడా. కొన్ని నెలలకి రిపోర్ట్ వచ్చింది. నేను కొట్టిన కాల్ సైన్, పక్కనే అసలు కాల్ సైన్. నేను విన్నదే కరెక్ట్. మాస్టారు గాల్లో సరిగ్గానే చెప్పారు కాబట్టి అవతలాయన పాయింట్లు ఆయనకి దక్కాయి. పోయింది మా క్లబ్‌కే. ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇంత పట్టింపు ఎందుకు, హాబీయే కదా అని ఇంట్లో అడిగారు. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకి చెందిన భారతి ప్రసాద్, తన బృందంతో పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. చాలా ఏళ్లుగా హామ్‌లు ఎవరూ వినిపించని అండమాన్ నుంచి ప్రపంచానికి కాంటాక్టులు ఇవ్వడానికి వెళ్లారు, మేము చేసినలాంటి పనే. 26వ తేదీన సునామీ వచ్చింది. మామూలు కమ్యూనికేషన్లు దెబ్బతిన్నాయి. ఆ రేడియోల మీదే బయటికి కబుర్లు వెళ్లాయి, ఎవరు క్షేమం అన్న సమాచారంతో సహా. అలాంటి జాబితాలో ఒక అక్షరం తప్పు పడితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

వినాలనుంటే రేడియో కొనాల్సిన పని లేదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వాళ్ల వెబ్ ఎస్‌డీఆర్ బ్రౌజర్‌లో తెరవండి, అక్కడి యాంటెన్నాకి వినపడేదంతా మీకూ వినపడుతుంది. అక్టోబర్ చివరి పూర్తి వారాంతం, మధ్యాహ్నం దాటాక, 15 మీటర్ల బ్యాండ్. గోలగా ఉంటుంది, పది నిమిషాలు ఓపిక పట్టండి. ఎవరైనా "ఫైవ్ నైన్, టూ టూ" అంటే చాలావరకు మన వాళ్లే. కాల్ సైన్ కూడా వినపడితే ఒక కాగితం మీద రాసుకోండి.