తలుపు తెరిచి ఉందా.. తాళం పడిందా?
కంప్యూటర్ పోర్టులపై అవగాహన ఉంటే సగం చిక్కులు వీడినట్టే

ఒక ఎరువుల దుకాణంలో రెండు బిల్లింగ్ కౌంటర్లు ఉన్నాయనుకుందాం. సరకుల లెక్కలన్నీ లోపలి గదిలోని ప్రధాన కంప్యూటర్లో ఉంటాయి. ముందురోజు కొత్త రూటర్ బిగించారు. తెల్లవారేసరికి రెండు కౌంటర్లలోనూ ‘సర్వర్‌తో అనుసంధానం కుదరలేదు’ అన్న సందేశం ప్రత్యక్షమైంది. ఇంటర్నెట్ వస్తోంది. తీగలు బాగానే ఉన్నాయి. బయట రైతులు బారులు తీరారు. మరమ్మతుకు వచ్చిన కుర్రాడు ప్రధాన కంప్యూటర్లో ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపేయడంతో బిల్లులు రావడం మొదలైంది. సమస్య తీరిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నిజానికి అసలు ప్రమాదం అప్పుడే మొదలైంది. ఎందుకో తెలియాలంటే ముందు ‘పోర్టు’ అంటే ఏమిటో తెలియాలి.

ఏమిటీ పోర్టు?
కంప్యూటర్ వెనుక నెట్‌వర్క్ తీగను గుచ్చే రంధ్రాన్నీ పోర్టు అనే అంటారు. అది కంటికి కనిపించేది. ఇక్కడ చెప్పుకొంటున్నది కంటికి కనిపించని పోర్టు గురించి. ఐపీ చిరునామాను అపార్టుమెంటు చిరునామా అనుకుంటే, పోర్టు అందులోని ఫ్లాటు సంఖ్య. ఒకే కంప్యూటర్లో వెబ్‌సైట్, మెయిల్, డేటాబేస్ వంటి సేవలు ఒకేసారి నడుస్తుంటాయి. వచ్చిన సమాచారం ఏ సేవకు చేరాలో పోర్టు సంఖ్యే చెబుతుంది.

ఈ సంఖ్యలు 0 నుంచి 65,535 వరకు ఉంటాయి. టీసీపీ, యూడీపీ అనే రెండు విధానాలకు వేటి వరుస వాటిదే. 1023 వరకు ఉన్నవి ప్రసిద్ధ సేవలకు కేటాయించినవి. 1024 నుంచి 49,151 వరకు ఆయా సాఫ్ట్‌వేర్ల పేరిట నమోదు చేసుకునేవి. ఆపైవి తాత్కాలిక అవసరాలకు వాడుకునేవి. ‘ఐఏఎన్ఏ’ సంస్థ ఈ జాబితాను నిర్వహిస్తుంది.

తరచూ ఎదురయ్యేవి ఇవీ..
* వెబ్‌సైట్లు: 80, సురక్షిత వెబ్‌సైట్లు: 443
* మెయిల్ పంపడానికి: 25, 587
* డొమైన్ పేర్ల వివరాలకు: 53
* విండోస్‌లో ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవడానికి: 445
* మైఎస్‌క్యూఎల్ డేటాబేస్: 3306
* రిమోట్ డెస్క్‌టాప్: 3389
* సర్వర్లను దూరం నుంచి సురక్షితంగా నిర్వహించే ఎస్ఎస్‌హెచ్: 22

చిక్కు ఎక్కడుందో ఇలా తెలుసుకోండి
మొదట తీగ బిగించిన చోట దీపం వెలుగుతోందో లేదో చూడాలి. తర్వాత ‘పింగ్’ ఆదేశంతో ప్రధాన కంప్యూటర్ పలుకుతోందో లేదో పరీక్షించాలి. చాలామంది ఇక్కడే పొరబడుతుంటారు. పింగ్‌కు పోర్టులతో సంబంధం లేదు. పింగ్‌కు జవాబు వచ్చినంత మాత్రాన డేటాబేస్ పోర్టు తెరిచి ఉందని కాదు. జవాబు రానంత మాత్రాన మూసి ఉందనీ కాదు.

రెండో దశలో సేవ నడుస్తున్న కంప్యూటర్ వద్దకే వెళ్లి చూడాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్‌స్టాట్ -ఏఎన్ఓ’ అని ఆంగ్లంలో టైప్ చేస్తే ఏ పోర్టు వద్ద ఏ ప్రోగ్రామ్ ఎదురుచూస్తోందో జాబితా వస్తుంది. లినక్స్‌లో ‘ఎస్ఎస్ -టీఎల్ఎన్‌పీ’ ఆదేశం ఇదే పని చేస్తుంది. పోర్టు ఎదుట ‘లిజనింగ్’ అని ఉండాలి. లేకపోతే ఆ సేవ అసలు మొదలు కాలేదని అర్థం.

అదే వరుసలోని చిరునామానూ గమనించాలి. 127.0.0.1 అని ఉంటే ఆ సేవ తన కంప్యూటర్‌కు మాత్రమే జవాబిస్తుంది. పక్క గదిలోని కౌంటర్ ఎంత పిలిచినా పలకదు. 0.0.0.0 అని ఉంటే ఆ కంప్యూటర్‌కున్న అన్ని నెట్‌వర్క్‌ల నుంచి వచ్చే పిలుపులనూ వింటుంది.

మూడో దశలో కౌంటర్ కంప్యూటర్ నుంచి తలుపు తట్టి చూడాలి. విండోస్ 10, 11లలో పవర్‌షెల్ తెరిచి ‘టెస్ట్-నెట్‌కనెక్షన్’ ఆదేశానికి ప్రధాన కంప్యూటర్ చిరునామా, పోర్టు సంఖ్య జోడిస్తే తెరిచి ఉందో లేదో చెబుతుంది. ‘టెల్‌నెట్’ ద్వారానూ ఈ పరీక్ష చేయవచ్చు.

జవాబును బట్టి కారణం
సంధానం కుదరనప్పుడు కనిపించే సందేశాల్లో రెండింటి మధ్య తేడా తెలిస్తే ఎంతో శ్రమ తగ్గుతుంది. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వెంటనే వస్తే, తలుపు తట్టగానే ‘ఇక్కడెవరూ లేరు’ అని ఎవరో చెప్పినట్టు. అంటే కంప్యూటర్ వరకు దారి ఉంది, ఆ పోర్టు వద్ద సేవే లేదు. సేవను మళ్లీ ప్రారంభించాలి, లేదా పోర్టు సంఖ్యను సరిచూసుకోవాలి. అలా కాక చాలాసేపు ఎదురుచూశాక ‘టైమ్డ్ అవుట్’ అని వస్తే, గేటు వద్ద కాపలాదారు మన మాట లోపలికి చేరనివ్వలేదన్నట్టు. సాధారణంగా ఇది ఫైర్‌వాల్ పని, లేదా చిరునామానే తప్పు.

ఒకే పోర్టు కోసం రెండు ప్రోగ్రామ్‌లు పోటీపడటం మరో సమస్య. ఇంజినీరింగ్ విద్యార్థులు అపాచీ సర్వర్‌ను ప్రారంభించబోతే 80వ పోర్టును విండోస్‌లోని ఐఐఎస్ అప్పటికే ఆక్రమించి ఉండటం తరచూ చూస్తుంటాం. నెట్‌స్టాట్ జాబితాలో చివర కనిపించే సంఖ్యను టాస్క్ మేనేజర్‌లోని పీఐడీతో పోల్చితే ఆక్రమించిందెవరో తెలిసిపోతుంది. ఒకదాన్ని ఆపడమో, రెండోదానికి 8080 వంటి వేరే పోర్టు ఇవ్వడమో చేస్తే సరిపోతుంది.

దుకాణంలో జరిగిందేమిటి?
కొత్త రూటర్ రాగానే విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్‌గా భావించి ‘పబ్లిక్’ వర్గంలో చేర్చింది. బస్టాండులోని వైఫైకి వర్తించే కట్టుదిట్టమైన నిబంధనలే దుకాణానికీ వర్తించాయి. 3306 పోర్టు మూసుకుపోయింది. ఆ నెట్‌వర్క్‌ను ‘ప్రైవేట్’గా మార్చి, కౌంటర్ల చిరునామాలకు మాత్రం 3306 పోర్టును అనుమతిస్తే సరిపోయేది. ఒక తలుపు తెరవాల్సిన చోట ప్రహరీ గోడే కూల్చేశారు.

మూల్యం ఎంతంటే..
2003 జనవరి 25న ‘ఎస్‌క్యూఎల్ స్లామర్’ అనే పురుగు యూడీపీ 1434 పోర్టు ద్వారా చొరబడి, సుమారు 75 వేల కంప్యూటర్లకు పాకింది. వాటిలో అత్యధికం పది నిమిషాల్లోనే దాని బారిన పడ్డాయి. 2017 మే 12న బయటపడిన ‘వాన్నాక్రై’ 445 పోర్టును దారిగా చేసుకుని 150 దేశాలకు వ్యాపించింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే నవీకరణను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే విడుదల చేయడం గమనార్హం. వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి
* ఫైర్‌వాల్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ పూర్తిగా ఆపివేయరాదు. పరీక్ష కోసం ఆపినా వెంటనే పునరుద్ధరించాలి.
* 445, 3306, 3389 పోర్టులను రూటర్ ద్వారా నేరుగా ఇంటర్నెట్‌కు తెరవరాదు. ఇంటి నుంచి పనిచేయాల్సి వస్తే వీపీఎన్ వాడాలి.
* వాడని సేవలను ఆపివేయాలి. ఏ పోర్టు ఎందుకు తెరిచారో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి.
* విండోస్ నవీకరణలను వాయిదా వేయరాదు. లెక్కల నకలును కంప్యూటర్‌కు తగిలించి ఉంచని వేరే డిస్కులో భద్రపరచాలి.
* సైబర్ దాడి జరిగితే సంస్థలు ఆరు గంటల్లోగా ‘సెర్ట్-ఇన్’కు తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో వెలువడిన ఆదేశాలు చెబుతున్నాయి.

మరమ్మతుకు వచ్చినవారు ‘అయిపోయింది’ అన్నప్పుడు యజమాని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఏ తలుపు తెరిచారు?’ దానికి ఒక సంఖ్యతో జవాబు వస్తే పని సవ్యంగా జరిగినట్టు. ‘అన్నీ’ అని వస్తే ఆ పని మళ్లీ చేయించుకోవాల్సిందే.