ఆదివారం కూర

తెలుగు పంతులును సభలో మాట్లాడమని పిలిచారంటే దానికి రెండే కారణాలు. ఒకటి, రావలసిన పెద్దమనిషి రాలేదు. రెండోది, విషయం తెలిసినా తెలియకపోయినా ఆయన అరగంటసేపు ఆగకుండా మాట్లాడగలడని అందరికీ గట్టి నమ్మకం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచెత్తింది కదా, ఆ మరుసటి ఏడు మా కళాశాలలో వాతావరణంలో వస్తూన్న మార్పుల గురించి ఒక సభ పెట్టారు. మాట్లాడవలసిన సైన్సు ఉపన్యాసకుడికి సరిగ్గా ఆవేళే జ్వరం వచ్చింది. మైకు నా చేతికి వచ్చింది.

ముందురోజు రాత్రి కాస్త చదువుకుని వెళ్ళాను లెండి. 2015 వేసవిలో వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయిన సంగతి చెప్పాను. అప్పటివరకు కొలిచిన సంవత్సరాలన్నిటిలోకీ 2024 ఎక్కువ వేడిదని చెప్పాను. బొగ్గుపులుసు గాలి అన్నాను, మీథేను అన్నాను. చివరికి చప్పట్లు పడే చోటు చూసుకుని కంఠం పెంచి, "అంచేత పిల్లలారా, మాంసాహారం మానండి! భూమాతను కాపాడండి!" అని ముగించాను. చప్పట్లు పడ్డాయి.

చప్పట్లు ఆగాక బి.ఏ. రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె లేచి నిలబడింది. ఎన్నడూ నోరు విప్పని పిల్ల.

"సార్, మా నాన్న గొర్రెలు కాస్తాడు. మొన్న పొట్టేళ్ళను అమ్మితేనే నాకు ఫీజు కట్టాడు. మీరు చెప్పినట్టు అందరూ మానేస్తే మా నాన్న ఏం చెయ్యాలి సార్?"

"మంచి ప్రశ్న అమ్మా, కూర్చో" అన్నాను. జవాబు తెలియనప్పుడు మేము పంతుళ్ళం వాడే మాట అది. ఇన్నేళ్ళుగా వాడుతున్నాను కాని, ఆ రోజు నా నోటికే చేదుగా తగిలింది.

మర్నాడు ఆదివారం. మా ఆవిడ సంచీ నా చేతికిచ్చి, "ఏమండీ, నిన్న సభలో ఏదో గట్టిగానే చెప్పారట. ఇంతకీ ఇవాళ కిలో తెస్తారా, అసలు తేరా?" అంది. ఆవిడ నవ్వలేదు. అదే నన్ను ఎక్కువ కుంగదీసింది. ఎందుకంటే, పాఠకులకు ముందే మనవి చేసుకోవలసింది, మా ఇంట్లో ఆదివారం నాడు వేటమాంసం ఉండవలసిందే. మా నాన్నగారికి గోంగూరతో, నాకు దోసకాయతో, పిల్లలకు వేపుడు. కిలో తెచ్చాను. తిన్నాను కూడా. కాని ఆ సాయంత్రం కాగితం, కలం తీసుకుని లెక్క వెయ్యడానికి కూర్చున్నాను. చెప్పిన తర్వాత తెలుసుకోవడమన్నమాట!

నెమరు వేసే జంతువులన్నిటికీ కడుపులో మేత పులిసేటప్పుడు మీథేను అనే గాలి పుడుతుంది. ఆవు, గేదె, గొర్రె, మేక, అన్నీ దాన్ని ఎక్కువగా తేన్పులతోనే బయటికి వదులుతాయి. నూరేళ్ళ లెక్కన చూస్తే అంతే బరువు బొగ్గుపులుసు గాలికన్నా అది 27 రెట్లు వేడెక్కిస్తుంది. అయితే పన్నెండేళ్ళకల్లా చాలామట్టుకు చెదిరిపోతుంది కూడా. అంటే దీన్ని ఇవాళ తగ్గిస్తే ఫలితం మనుమల కాలందాకా ఆగనక్కర్లేదు, మన కళ్ళతోనే చూడవచ్చు. మనుషుల మూలాన గాలిలో చేరే వేడి వాయువులన్నిటిలో పశుపోషణ వాటా నూటికి 12 పాళ్ళని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2023లో లెక్క తేల్చింది.

2018లో పూర్, నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 119 దేశాలలో 38,000 పైచిలుకు కమతాల వివరాలు కూడగట్టి ఒక పట్టిక వేశారు. 100 గ్రాముల మాంసకృత్తులు మన కంచంలోకి రావడానికి ఎంత బొగ్గుపులుసు గాలికి సమానమైన భారం పడుతుందన్నది ఆ పట్టిక. మాంసం కోసమే పెంచే పశువులదైతే 50 కిలోలు. గొర్రె, మేక మాంసానికి 20. కోడికి 6కు లోపు. గుడ్డుకు 4 పైచిలుకు. పప్పుధాన్యాలకు 1 కిలో కూడా లేదు.

ఇది ప్రపంచం మొత్తానికి సగటు. మన పల్నాటి బీళ్ళలో మేసే గొర్రెకు అచ్చంగా అతకదు. అయినా అంచనాకు పనికివస్తుంది కదా అని మా గిన్నెకు అన్వయించి చూశాను. ఎముకలు పోను కిలో మాంసంలో 150 గ్రాముల మాంసకృత్తులు అనుకుందాం. అంటే ఒక్క ఆదివారానికి 30 కిలోల భారం. ఒక లీటరు పెట్రోలు కాలిస్తే 2 కిలోల 300 గ్రాముల బొగ్గుపులుసు గాలి వస్తుంది. ఆ చొప్పున మా ఆదివారం కూర 13 లీటర్ల పెట్రోలుకు సాటి! ఏడాదికి 52 ఆదివారాలు వేసుకుంటే ఒకటిన్నర టన్ను. అవే మాంసకృత్తులు ముప్పాతిక కిలో కందిపప్పులో ఉన్నాయి. దాని భారం ఒకటింపావు కిలో మించదు.

సోమవారం ఈ కాగితం మా గణితం ఉపన్యాసకుడికి చూపించాను. ఆయన పుట్టుశాకాహారి. లెక్కంతా సరిచూసి, "చూశారా! మా ఇంట్లో ఆ వాసనే లేదు. ఈ పాపంలో నాకు వాటా లేదు" అన్నారు తృప్తిగా.

"గురువుగారూ, మీ ఇంటికి నెలకు ఎంత నెయ్యి కావాలి?" అన్నాను.

"రెండు కిలోలు. ఏం?"

"కిలో నెయ్యికి దాదాపు 15 లీటర్ల గేదెపాలు కావాలట. ఆ గేదె నెమరు వెయ్యకుండా పాలిస్తోందా అండీ?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. పాల ఉత్పత్తిలో 1998 నుంచీ ప్రపంచంలో మన దేశానిదే మొదటి స్థానం. అది గర్వించదగ్గ మాటే. కాని కంచంలో ముక్క లేనంత మాత్రాన లెక్కలోంచి తప్పించుకున్నట్టు కాదు. నేను ఈ ముక్క చెప్పింది ఆయన్ని ఓడించడానికి కాదు. ఈ లెక్క పట్టుకుని పక్కవాడి కంచంలోకి తొంగిచూడటం మొదలుపెడితే అది భూమికి మేలు చెయ్యదు, మనుషుల మధ్య పాత విరోధాలను మాత్రం కొత్తగా రాజేస్తుంది. చవకగా దొరికే మాంసంతో పిల్లలకు బలం పట్టించుకునే పేదవాణ్ణి నిలదీసే హక్కు ఎవరికీ లేదు. అమెరికాలో తలకు ఏడాదికి నూరు కిలోలకు పైగా మాంసం ఖర్చవుతుంటే, మన దేశపు సగటు పది కిలోలకు లోపే. తగ్గించవలసినవాడు ఎక్కువ తినేవాడు. మా వీధిలో ఆ ఎక్కువ తినేవాణ్ణి నేనే.

రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి ఎత్తాను. మా నాన్నగారు విని, "1965లో శాస్త్రిగారు చెప్పినట్టుంది" అన్నారు.

అప్పుడు ఆయనకు పదమూడేళ్ళు. పాకిస్తానుతో యుద్ధం, పైన వానలు లేవు, దేశంలో తిండిగింజలు చాలవు. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ప్రజలను వారానికి ఒక పూట భోజనం మానమని కోరారు. "సోమవారం రాత్రి మా అమ్మ పొయ్యి వెలిగించేది కాదురా. హోటళ్ళు కూడా మూసేసేవాళ్ళు. ఆకలితో పడుకున్నా ఏదో సరిహద్దులో కాపలా కాస్తున్నట్టుండేది" అన్నారు నాన్నగారు. ఆయన ఇంకో మాట కూడా అన్నారు. శాస్త్రిగారు ముందు తన ఇంట్లో భార్యాబిడ్డలతో ఆ పూట మానిపించి చూసి, ఉండగలరని తేలాకే దేశానికి చెప్పారని అప్పట్లో అందరూ చెప్పుకునేవారట.

నా ముద్ద గొంతులో ఆగింది. నేను ముందు చెప్పి, తర్వాత కిలో తెచ్చినవాణ్ణి కదా!

"మానడం మనకేం కొత్తరా?" అంది మా అమ్మ. నిజమే. 2014లో కేంద్రప్రభుత్వం తీసిన లెక్కల్లో, పదిహేనేళ్ళు దాటిన తెలుగువాళ్ళలో నూటికి 98 మంది మాంసం తినేవాళ్ళని తేలింది. కాని ఆ 98 మందిలో ఎన్ని ఇళ్ళల్లో శనివారం వెంకటేశ్వరస్వామికని ముట్టరు, సోమవారం శివుడికని ముట్టరు! మా అమ్మ కార్తీకం నెల్లాళ్ళూ ఆ గిన్నెనే అటకెక్కిస్తుంది. మనకు మానడం తెలుసు. తగ్గించడమే తెలియదు. మానిన రోజులకు వడ్డీతో సహా మర్నాడు తినేస్తాం!

ఇక మిగిలింది ఆ అమ్మాయి ప్రశ్న. దానికి జవాబు నా కాగితంలో లేదు. అంచేత ఒక సెలవురోజున ఆమెనే అడిగి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఊరిబయట మిరపతోటలు దాటాక, కోసేసిన కందిచేలో మంద ఉంది. ఎండ మండిపోతోంది. గొర్రెలు మేత మానేసి, తుమ్మచెట్టు కింద ఒకదాని కడుపుకింద ఒకటి తల దూర్చుకుని నిలబడ్డాయి.

"మా సారు, నాన్నా" అంది అమ్మాయి. ఆయన కర్ర పక్కన పెట్టి, తలపాగా విప్పి గట్టుమీద పరిచి కూర్చోమన్నాడు.

"ఎండలు మునుపట్లా లేవు సారూ. పొద్దున తొమ్మిదికే నీడకు చేరతన్నయ్యి. మేత లేకపోతే ఒళ్ళెట్టా చేస్తయ్యి? కుంటలు ఎండిపోయినయ్యి. వానొస్తే ఒకేసారి కుమ్మరిస్తది, దాంతో రోగాలు" అన్నాడు. వాతావరణం గురించి నేను మైకులో చెప్పిన అరగంట ఆయన నాలుగు మాటల్లో చెప్పేశాడు.

"మీ ఇంట్లో ఎన్నాళ్ళకొకసారి తింటారు?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "మేం తినేదెంత సారూ! జాతరకొకటి, పెళ్ళికొకటి. మందను కోసుకుతింటే ఇల్లు గడిచేదెట్టా?"

రాత్రిపూట రైతులు పొలాల్లో మంద కట్టించుకుంటే ఎరువుకు ఇచ్చే డబ్బు ఒక ఆధారం. పొట్టేలును సంతలో అమ్మితే వచ్చేది రెండో ఆధారం. "సంతలో తూకం ఉండదు సారూ. దళారి నడ్డిమీద చెయ్యేసి చూసి ఎంతంటే అంత. మీ ఊళ్ళో కొట్లో మాత్రం గ్రాములతో సహా తూస్తారు గదా!" అన్నాడు.

తిరిగి వస్తూ బస్సులో ఆలోచించాను. మా పల్లెల్లో పూర్వం నలుగురైదుగురు కలిసి ఒక పొట్టేలును తెచ్చుకుని, పోగులు వేసుకుని పంచుకునేవారు. ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో ఉంది. మా వీధిలో మరో ఐదు ఇళ్ళవాళ్ళతో మాట్లాడాను. ఆరు ఇళ్ళూ కలిసి నెలకు ఒక్క పొట్టేలును ఆ అమ్మాయి తండ్రి దగ్గరే, తూకం వేసి, తూకానికి తగ్గ ధరకు కొంటున్నాం. ఇంటికి రెండేసి కిలోల పోగు. ఒక కిలో ఆ ఆదివారానికి, ఇంకో కిలో పదిహేను రోజుల తర్వాతి ఆదివారానికి. ఆయనకు సంతలోకంటే ఎక్కువే ముడుతోంది. మాకు సగం తగ్గింది.

మిగిలిన రెండు ఆదివారాలు మొదట్లో యుద్ధమే. "పప్పుకు ఆదివారమెందుకురా?" అని నాన్నగారు కంచం ముందు నిట్టూర్చారు. మా ఆవిడ ఒకవారం ఉలవచారు కాచి, ఇంకోవారం గుడ్ల పులుసు పెట్టి, ఆయన్ని దారికి తెచ్చింది. మధ్యలో మా మేనల్లుడి పెళ్ళిలో బిరియానీ చూసి నేనే నియమం తప్పాను. తప్పానని ఇంట్లో ఒప్పుకున్నాను. గణితం ఉపన్యాసకుడు నెయ్యి ఒక కిలోకు దించారు. అంతేకాదు, వాళ్ళమ్మాయి పెళ్ళిలో పదార్థాలు సగానికి తగ్గించి, అడిగినవారికే రెండోసారి వడ్డించమన్నారు. 2022లో ప్రపంచంలో తినేవారి దాకా చేరిన తిండిలో నూటికి 19 పాళ్ళు, అంటే 105 కోట్ల టన్నులు, పారబోతలోకి పోయిందని ఐక్యరాజ్యసమితి లెక్క. కుప్పలో కుళ్ళే ఆ తిండి కూడా మీథేనే వదులుతుంది. ఆ లెక్క నేను చెప్పలేదు, ఆయనే వెతికి తెచ్చారు.

మా ఆరు ఇళ్ళు కలిసి ఏడాదికి మిగిల్చే భారం, నా కాగితం ప్రకారం, నాలుగున్నర టన్నులు. ప్రపంచం ముందు అది ఏపాటి అంటారా? నిజమే. బొగ్గు కాల్చే విద్యుత్కేంద్రాల సంగతి ప్రభుత్వాలు చూడాలి, అది అడగడం మానకూడదు. కాని అడిగేవాడి ఇంట్లో గిన్నె ఏం చెబుతోందో వినేవాడికి తెలిసిపోతుంది. మా ఆవిడకు తెలిసినట్టే.

పరీక్షలయ్యాక ఆ అమ్మాయి వరండాలో కనిపించింది. "ఏమ్మా, నీ ప్రశ్నకు జవాబు దొరికిందంటావా?" అని అడిగాను.

ఆమె కొంచెం ఆలోచించింది. "సగం దొరికింది సార్. మా నాన్నకు ధర వస్తోంది. కాని మీలాగే ఊళ్ళన్నీ సగానికి తగ్గిస్తే, మిగతా గొర్రెలవాళ్ళందరి దగ్గరా తూకానికి ఎవరు కొంటారు?"

ఇరవై ఏళ్ళుగా జవాబు పత్రాలు దిద్దుతున్నవాణ్ణి. సగం జవాబుకు సగం మార్కులే. అవి పుచ్చుకుని, మిగతా సగం ఆలోచించుకుంటూ తరగతికి వెళ్ళిపోయాను.