పైసను తోమితే పేరు పోతది

పోయిన ఎండకాలం ఒక మాపటేళ నా ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. పంపినోడు మా పక్క మండలం పిలగాడు, డిగ్రీ అయిపోయి ఇంటికాడ ఉంటున్నడు. స్టీలు పళ్లెంల తెల్ల దస్తీ పరిచి, దాని మీద పదకొండు నాణేలు వరుసగ పేర్చిండు. కొన్ని తెల్లగ, కొన్ని ఎర్రగ, అన్నీ తళతళ మెరుస్తున్నయి. కింద మెసేజ్: "అన్నా, బాయి పూడిక తీస్తుంటే గురిగిల దొరికినయి. నల్లగ, పచ్చగ మట్టిపట్టి ఉండె. చింతపండు, ఉప్పు ఏసి గంటసేపు తోమిన. ఎట్లున్నయి?"

నాకు తెలిసిన ఒక రిటైరయిన సారు ఉన్నరు. నలభై ఏండ్ల సంది నాణేలు జమచేస్తున్నరు. ఫొటో ఆయనకు పంపిన. మెచ్చుకుంటరనుకున్న. పది నిమిషాలకు ఫోన్ జేసిన్రు. "తోమనివి ఏమన్న మిగిలినయా?" ఒక్కటే మాట. చావు ఇంటికాడ అడిగినట్టు అడిగిన్రు.

ఉన్నమాట చెప్త. అప్పుడు నాకు లోపట కోపమే వచ్చింది. ఈడ పత్తి రైతు అప్పులకు చస్తుంటే ఎవలూ ఏడ్వరు, సీసం బిళ్లలు తోమితే మాత్రం పెద్దమనుషులకు దుఃఖమొస్తదా అనుకున్న. పాత పైసలు జమచేసుడు కడుపు నిండినోళ్ల సోకు అని నా అభిప్రాయం ఉండె. తెల్లారి సారు ఇంటికి పోయినంక సగం మారింది. సగమే. మిగిలిన సగం సంగతి ఎనుక చెప్త.

సారు ముందు నాకు ఒక కాలిన కాయితం కత చెప్పిన్రు. రాసిన కాయితం కాలి నల్లగ అయినంక గూడ, ముట్టకుంట చూస్తే దాని మీద అక్షరాలు కనవడ్తయి. ఏలు పెట్టి రాస్తే నుసి రాలుతది, అక్షరం పోతది. మట్టిల నుంచి ఎల్లిన నాణెం గూడ గంతే. రెండువేల ఏండ్లు మట్టిల పండుకున్న రాగి, సీసం పైపొర, తడితోటి, మట్టిల ఉప్పులతోటి కలిసి వేరే పదార్థంగ మారిపోతది. మనం దాన్ని చిలుము అంటం, మురికి అంటం. కానీ అచ్చు కొట్టిననాటి బొమ్మ, పేరు ఆ మారిన పొరలనే నిలవడి ఉంటయి. చింతపండు పులుపు ఆ పొరను తింటది. కింద మెరిసే లోహం ఉంటది గని దాని మీద ఏమీ ఉండది. అంటే మనం మురికి కడుగుతలేం, రాతను కడుగుతున్నం.

ఆ రాత ఎంత పనిజేస్తదో మన గోదారి ఒడ్డునే సాక్ష్యముంది. ఇప్పటి జగిత్యాల జిల్లాల కోటిలింగాల అని ఊరు. అక్కడ మట్టిదిబ్బల కాడ జనానికి చిన్న చిన్న బిళ్లలు దొరుకుతుండె. వాటిని ఏరి దాచినోళ్లు కొందరు, చదివినోళ్లు కొందరు. శాసనాల పండితుడు పి.వి. పరబ్రహ్మ శాస్త్రి అసొంటోళ్లు వాటి మీది బ్రాహ్మీ అక్షరాలు చదివితే గోబద, నారన, సమగోప అనే రాజుల పేర్లు బయటికొచ్చినయి. ఈ పేర్లు ఏ పురాణంల లేవు. ఇంకొన్నిటి మీద చిముక సాతవాహనుని పేరు కనవడ్డది. సాతవాహనుల మొదటి రాజు సిముకుడు ఈయనే అని చానమంది అంటరు, కాదని వాదించేటోళ్లు గూడ ఉన్నరు. సాతవాహనుల మొదలు మహారాష్ట్ర దిక్కు కాదు, తెలంగాణలనే అనే వాదనకు బలమొచ్చింది ఈ బిళ్లలతోనే. కొలిస్తే ఏలి గోరంత లోహం, దాని మీద ఎంట్రుక మందం అక్షరం. దొరికిననాడు ఎవలన్న ఇటుకపొడి పెట్టి తోమి ఉంటే, గోబద అనేటాయన ఈ భూమ్మీద ఉన్నట్టే మనకు తెల్వకపోవు.

ఇది ఇంటుంటే నాకు మా నాయినమ్మ యాదికొచ్చింది. ఆమె చీరె కొంగుల ముడేసి దాచుకున్న చార్మినార్ రూపాయలు ఏడు ఉండె. నిజాం సిక్కా, హాలీ సిక్కా అంటుండ్రి. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు ఇంగ్లీషు రూపాయలు వచ్చేటియి అప్పట్ల. నాకు పదమూడు పద్నాలుగేండ్లప్పుడు, మా అక్క పెండ్లికి వాటిని దండకు గుచ్చాలన్నరు. నల్లగ ఉన్నయని నేనే బూడిద, చింతపండు పెట్టి తోమిన. మూడింటికి అవుసలాయన కొండ్లు అతికిండు. ఇంట్ల అందరు మెచ్చుకున్నరు నన్ను. వాటిల ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. సారుకు చూపిద్దామని జేబుల ఏసుకొని పోయిన. జేబుల తాళంచెవులు గూడ ఉండె, అది వేరే పాపం.

సారు దాన్ని అంచులు పట్టి తీసుకున్నరు. భూతద్దం పెట్టి చార్మినార్ నడిమి దర్వాజ దిక్కు చూసిన్రు. ఆ దర్వాజల ఒక ఉర్దూ అక్షరం ఉంటదట. మీం ఉంటే మహబూబ్ అలీఖాన్ కాలంది, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీఖాన్ కాలంది. ఉస్మాన్ గద్దెనెక్కిన కొత్తల కొట్టిన వాటిల ఐన్ సగమే ఉంటది, తర్వాత పూర్తి అక్షరం వచ్చింది. జమచేసేటోళ్లు ఆ సగం అక్షరం కోసమే ఎతుకుతరు. నా రూపాయి దర్వాజ ఖాళీగ ఉంది. నున్నగ. నేనే నున్నగ జేసిన. సారు ఏమనలే. తిరిగి నా చేతుల పెట్టి "ఎండి ఉంది" అన్నరు. గా మాట ఇంకా నా చెవుల ఉంది. నిజాం రూపాయిల ఎండి నూటికి ఎనభై రెండు పాళ్ల దాక ఉంటది. తూకమేస్తే పదకొండు గ్రాముల చిల్లర. నా నాయినమ్మ దాచిన రూపాయి తూకం సామాను అయింది.

ఎండి మీది నలుపు గురించి గూడ ఒక మాట. అది మురికి కాదు. గాలిల ఉండే గంధకం ఎండితోటి కలిసి ఏర్పడ్డ పలచని పొర. టూత్‌పేస్టు పెట్టి రుద్దినప్పుడల్ల ఆ పొరతోటి ఇంతంత ఎండి గూడ పోతది, సన్నటి గీతలు పడ్తయి. కంటికి కనవడవు, భూతద్దం కింద దుక్కి దున్నిన చెల్కలెక్క కనవడ్తయి. తెలిసినోడు తోమిన నాణేన్ని ఒక్క చూపుల పట్టేస్తడు, ధర సగానికి సగం పడగొడ్తడు.

అయితే నాణేనికి దెబ్బ తగిలిందల్ల నష్టమే అని గూడ కాదు. ఎనుకటి సాహుకార్లు రూపాయిని బండ మీద కొట్టి సప్పుడు ఇనేటోళ్లు, మంచిదని తేలితే చిన్న గుర్తు పొడిచేటోళ్లు. ఆ గుర్తులే ఇప్పుడు చరిత్ర. ఆ పైస ఎవని చేతుల పడి తిరిగిందో అవి చెప్తయి. వాడకంల అరిగింది వేరు, మనం అరగదీసింది వేరు.

మరి దొరికితే ఏం జెయ్యాలె? ముందుగాల ఏం జెయ్యకుండ్రి. తోముడు, గీకుడు, నూనె రాసుడు ఏదీ వద్దు. చేతి చెమటల ఉప్పు, జిడ్డు ఉంటయి, రాగి మీద ఏలిముద్ర పడితే కొన్నాళ్లకు అది మచ్చయి కూసుంటది. అందుకే మొఖం మీద ఏలు పెట్టకుంట రెండు అంచులు పట్టుకోవాలె, కింద మెత్తటి గుడ్డ ఉండాలె, జారినా దాని మీద పడ్తది. చూసుకుంట ముచ్చట పెట్టొద్దు, ఉమ్మి తుంపర పడ్తది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు, బండి కాయితాలు పెట్టుకునే అసొంటియి, అసలే వద్దు. కొన్నాళ్లకు వాటి నుంచి జిగురు లెక్క పచ్చటిది కారి నాణేన్ని తింటది. సీసానికి కట్టె పెట్టె గూడ శత్రువే. కట్టెల నుంచి వచ్చే పులుపు ఆవిరికి సీసం తెల్ల పొడి అయి రాలిపోతది. విడివిడిగ కాయితం కవర్లల పెట్టి, తడి లేని తాన ఉంచితే చాలు. సీసం ముట్టినంక చేతులు కడుక్కోవాలె, అది ఇషం. రాగి మీద గట్టి ముదురాకుపచ్చ ఉంటే భయం లేదు. లేతాకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం అది పాకే జబ్బు, తెలిసినోళ్లకు జల్దీ చూపియ్యాలె.

ఇగ సగమే మారిన అన్న గదా. మిగిలిన సగం ఇది. నాణెం పాడైతే కండ్లనీళ్లు పెట్టుకునే ఈ లోకంలనే, ఊర్లకు బండి మీద వచ్చి, రైతు చేతుల నూరు రూపాయలు పెట్టి, గురిగెడు నాణేలు ఎత్తుకపోయేటోళ్లు గూడ ఉన్నరు. ఏ ఊర్ల, ఏ బాయిల, ఎంత లోతుల దొరికిందో రాసుకోరు. అడిగితే పోటీవాడు పోతడని ఊరు పేరు దాస్తరు. గురిగిని అక్కడనే పలగ్గొట్టి పోతరు. ఊరు పేరు లేని నాణెం తల్లి పేరు తెల్వని పిల్లలెక్క. పిలగాడు చింతపండుతోటి అక్షరం తుడిచిండు. వీళ్లు నోరు మూసుకొని ఊరు తుడుస్తరు. సారు ముంగట ఈ మాటంటే ఆయన ఊకున్నరు. కొంచెంసేపటికి "నా డబ్బాలల్ల గూడ అసొంటియి ఉన్నయి" అన్నరు.

చట్టం సంగతి గూడ తెలుసుకుండ్రి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా నడుస్తున్నది. భూమిల దాచిన సొత్తు పది రూపాయల విలువ దాటింది దొరికితే కలెక్టర్‌కు రాసి తెలియజేయాలె. దాస్తే మన వాటా పోతది, ఏడాది దాక జైలు గూడ పడొచ్చు. తెలియజేస్తే, అసలు హక్కుదారు ఎవలూ తేలకపోతే, దొరికిచ్చుకున్నోనికి, భూమి ఆసామికి వాటా ఉన్నది. కానీ సర్కారే తీసుకోవాలనుకుంటే ఎంతిస్తదో తెలుసా? అందుల ఉన్న లోహం ధర, దాని మీద అయిదో వంతు ఎక్కువ. బంగారమైతే ఏదో గిట్టుబాటు. గోబద పేరున్న బిళ్లకు లోహం ధర ఎంత? బీడీ కట్ట రాదు. చరిత్రకారుడు అక్షరానికి విలువ కడ్తడు, దళారి అక్షరానికే ధర కడ్తడు, సర్కారు చట్టం మాత్రం తూకమేస్తది. గిట్లుంటే రైతు ఎందుకు తెలియజేస్తడు? తోమి అవుసలాయనకు ఇస్తడు, లేకుంటే బండి మీద వచ్చినోనికి ఇస్తడు. నూట నలభై ఏండ్లు దాటిన ఈ లెక్కను మార్చుమని అడుగుడు గూడ మన పనే.

ఇంకోటి. అయిదు రూపాయల ట్రాక్టర్ నోటుకు లక్షలిస్తం, పాత బిళ్లకు కోటి ఇస్తం అని ఫోన్లల్ల వచ్చే వీడియోలు నమ్మకుండ్రి. ముందుగాల కమీషన్ కట్టు, ట్యాక్స్ కట్టు అని గుంజుడే వాళ్ల పని. వాటితోటి మాకు సంబంధం లేదని 2021 ఆగస్టుల రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. మంచి నాణేలు చూడాలనిపిస్తే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌ల స్టేట్ మ్యూజియం ఉంది, సైఫాబాద్ పాత టంకశాలల మింట్ మ్యూజియం ఉంది. చార్మినార్ దర్వాజల అక్షరం ఎట్లుంటదో నేను అద్దాల ఎనుక చూసినంకనే నాకు అర్థమైంది, నా చేతుల ఏం పోయిందో.

పిలగాని కాడికి సారును తీసుకొనే పోయిన. భయపడుకుంట బయటికొచ్చిండు. తిడ్తరనుకున్నట్టుంది. సారు ఆ పదకొండింటి దిక్కు చూడనే లేదు. "ఇంకేమన్న ఉన్నయా బిడ్డా?" అని మల్ల అడిగిన్రు. వాళ్ల అవ్వ ఇంట్లకు పోయి ఉప్పు డబ్బ ఎనుక నుంచి పాత గుడ్డ మూట తెచ్చింది. మూడు బిళ్లలు, మట్టి అట్లనే ఉంది. చింతపండు అయిపోయిందట, తెల్లారి తోముదామని పెట్టిండట. గురిగి పెంకులు గూడ బాయి గడ్డ మీదనే ఉన్నయి, వాటిని ఏరి సంచిల ఏసినం. మూడింటిల ఒకదాని మీద మట్టి సందుల నుంచి ఏనుగు తొండం సన్నగ కనవడ్తున్నది. పైన రెండు మూడు అక్షరాలు. సారు చదవలే, మట్టి గూడ తియ్యలే. కాయితం కవర్ మీద ఊరు పేరు, బాయి ఉన్న సర్వే నంబర్, లోతు, తారీఖు రాయించిన్రు, పిలగాని చేతితోనే. సోమవారం పొద్దుగాల కలెక్టర్ పేర దరఖాస్తు రాసి, పద్నాలుగు బిళ్లల లెక్క జూపి తహసీల్దార్ ఆఫీసుల ఇచ్చినం. రశీదు అడిగితే గుమస్త మా మొఖాలు చూసి నవ్విండు. రశీదు తీసుకునేదాక ఆడనే కూసున్నం.