కార్డు లేని ఇంటికి వైద్యం

వార్ధా నదికి ఆవలి ఒడ్డు నుంచి చంద్రపూర్, బల్లార్‌పూర్, ఘుగ్గుస్ ప్రాంతాలకు తెలుగు కుటుంబాలు తరతరాలుగా వస్తున్నాయి. బొగ్గు గనులు, కాగితపు మిల్లు, సిమెంటు కర్మాగారాలు, విద్యుత్ కేంద్రం, భవన నిర్మాణం వారికి ఉపాధి చూపాయి. ఈ రాకపోకలకు సరిహద్దు ఎన్నడూ పెద్ద అడ్డంకి కాలేదు. నేడు చంద్రపూర్ జిల్లాలో ఉన్న రాజురా ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో భాగం. పొరుగు జిల్లాలోని సిరోంచా తాలూకాలో ఇప్పటికీ ఇంటా బయటా తెలుగు వినిపిస్తుంది. మనుషులు, మాటలు, పెళ్లిసంబంధాలు నదిని సులువుగానే దాటాయి. దాటనిది వైద్య రక్షణ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ తెలుగు కుటుంబాలకు సుపరిచితం. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. అయితే ఆ రక్షణ ఆ పథకంలో చేరిన ఆసుపత్రులకే పరిమితం. మహారాష్ట్రలో 2012 జులైలో వేరొక పేరుతో మొదలై, 2017 నుంచి మహాత్మా జోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజనగా నడుస్తున్న పథకం ఉంది. 2023లో తీసుకున్న నిర్ణయంతో రేషన్ కార్డు రంగుతో నిమిత్తం లేకుండా రాష్ట్రవాసుల కుటుంబాలన్నింటికీ అది వర్తిస్తుంది. వార్షిక పరిమితి 5 లక్షల రూపాయలు. కాని అందుకు మహారాష్ట్ర ఇచ్చిన రేషన్ కార్డు గాని, నివాస ధ్రువపత్రం గాని ఉండాలి. నివాస ధ్రువపత్రానికి సాధారణంగా 15 ఏళ్ల నివాసం చూపాలి. ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ విధానం వల్ల ఊరి కార్డు మీద ఇక్కడ బియ్యం దొరుకుతాయి. ఆసుపత్రిలో అదే కార్డు చెల్లదు. ఈ తేడా చాలా కుటుంబాలకు జబ్బు చేసిన రోజునే తెలుస్తున్నది.

పనిచోట లభించే రక్షణ సంగతీ ఇంచుమించు ఇంతే. పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలలో నెలకు 21,000 రూపాయల లోపు వేతనం పొందేవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. కార్మికుని వేతనంలో 0.75 శాతం, యజమాని వాటాగా 3.25 శాతం జమ కావాలి. గుత్తేదారు పేరు నమోదు చేయకపోతే ఆ హక్కు కాగితం మీదనే నిలిచిపోతుంది. గనిలో స్థిరోద్యోగికి కంపెనీ ఆసుపత్రి ఉంటుంది. అదే గని గేటు వద్ద రోజుకూలీగా బొగ్గు ఎత్తేవానికి ఆ తలుపు తెరుచుకోదు. ఇలా ఏ పథకానికీ చెందకుండా మిగిలిపోయినవారిని ఎవరు చూస్తున్నారనే ప్రశ్నకు చంద్రపూర్ పరిసరాలలో ఒక చరిత్రే ఉంది. దేశంలో చాలా చోట్ల స్వచ్ఛంద వైద్యమంటే ఏడాదికొకసారి జరిగే శిబిరం. ఇక్కడ అది దశాబ్దాల కృషి.

ఆ చరిత్ర వరోరాలో మొదలవుతుంది. న్యాయవాది అయిన బాబా ఆమ్టే అక్కడి పురపాలక సంఘానికి ఉపాధ్యక్షులుగా ఉంటూనే పారిశుద్ధ్య కార్మికులతో కలిసి మలం మోశారు. ఒక వర్షపు రోజున దారి పక్కన కుష్ఠు వ్యాధితో చివరి దశలో పడి ఉన్న మనిషిని చూసి భయంతో తప్పుకొని, ఆ భయానికే సిగ్గుపడి తిరిగి వెళ్లి సేవ చేశారని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. తరువాత కలకత్తాలోని ఉష్ణమండల వ్యాధుల విద్యాలయంలో కుష్ఠు చికిత్స నేర్చుకొని వచ్చి, 1949లో మహారోగి సేవా సమితిని స్థాపించారు. ఆనంద్‌వన్ ఆరు మంది రోగులతో, రాళ్లూ పొదలూ నిండిన భూమిలో మొదలైంది. అక్కడ వైద్యం ఉచితం. కాని రోగిని ఊరకే కూర్చోబెట్టి పోషించడం ఆమ్టేకు సమ్మతం కాదు. నయమైన చేతులు బావులు తవ్వాయి, పంటలు పండించాయి, మగ్గాలు నేశాయి. దానం తీసుకోవడం కంటె పని చేయడంలోనే మనిషి నిలబడతాడని ఆయన నమ్మకం. కుష్ఠు రోగిని ఊరవతలకు తరిమే కాలంలో రోగులే ఒక ఊరు కట్టుకోవడం సామాన్యమైన విషయం కాదు.

ఆయన కుమారుడు డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే, కోడలు డాక్టర్ మందాకిని ఆమ్టే 1973 డిసెంబరులో భామ్రాగఢ్ అడవులలోని హేమల్‌కసకు వెళ్లారు. ప్రకాశ్ శస్త్రచికిత్సలో ఉన్నత విద్యను మధ్యలోనే విడిచారు. మందాకిని మత్తు వైద్యంలో శిక్షణ పొందినవారు. ఆ ప్రాంతం అప్పుడు చంద్రపూర్ జిల్లాలోనిది. గడ్చిరోలి జిల్లా 1982 ఆగస్టులో గాని ఏర్పడలేదు. రోడ్డు లేదు, విద్యుత్తు లేదు, ఆసుపత్రి చెట్టు నీడన. అన్నీ ఉచితమే అయినా రోగులు రాలేదు. మాడియా గోండులకు ఈ కొత్తవారి భాష తెలియదు, వారి ఉద్దేశమూ తెలియదు. ఆ దంపతులు మందులతో పాటు మాడియా భాషను పట్టుకున్నారు. ఒళ్లు తీవ్రంగా కాలిన మూర్ఛ వ్యాధి బాలుడొకడు, మెదడుకు సోకిన మలేరియాతో మరణానికి చేరువైన మరొకరు కోలుకున్న తరువాతనే అడవిలో నమ్మకం పాకింది. 1975లో విదేశీ సహాయంతో చిన్న ఆసుపత్రి లేచింది. 2008లో దంపతులిద్దరికీ రామన్ మెగసెసే పురస్కారం వచ్చేనాటికి అక్కడ ఏటా దాదాపు 40,000 మందికి ఉచిత చికిత్స జరుగుతున్నది.

మాడియా కూడా తెలుగువలె ద్రావిడ భాషయే. తెలుగువారెవరైనా హేమల్‌కసకు వెళితే కొన్ని మాటలు చెవికి పరిచయమైనవిగా తోచడంలో వింత లేదు.

హేమల్‌కస నేర్పిన సంగతి ఒకటి చంద్రపూర్ నగరంలోని వలస కుటుంబాలకు నేరుగా సంబంధించినది. రుసుము తీసివేసినంత మాత్రాన వైద్యం అందదు. నొప్పి ఎప్పటి నుంచి, ఎక్కడ, ఎలా అన్నది రోగి తన మాటలలో చెప్పగలగాలి, వినేవారికి అర్థం కావాలి. మరాఠీలో సంత బేరం ఆడగల గృహిణి కూడా గర్భసంబంధమైన బాధను పరాయి భాషలో చెప్పలేక మౌనంగా తిరిగి వస్తుంది. ‘కళ్లు తిరుగుతున్నాయి’ అన్న తెలుగు మాటను అక్షరాలా మరాఠీలోకి మార్చితే వైద్యుడు కంటి పరీక్షకు పంపే ప్రమాదం లేకపోలేదు. అందువల్ల రెండు భాషలూ తెలిసిన పొరుగింటివారు రోగితో పాటు ఆసుపత్రికి వెళ్లడం చిన్న సహాయంగా కనిపించినా, అది స్వచ్ఛంద వైద్యసేవలో ఒక భాగమే. ఒక్క జాగ్రత్త అవసరం: ఈ పని చిన్నపిల్లలకు అప్పగించరాదు. బడిలో మరాఠీ నేర్చిన పదేళ్ల బిడ్డ చేత తల్లి రోగాన్ని చెప్పించడం ఇద్దరికీ భారమే, పొరపాటుకు అవకాశమే.

గడ్చిరోలిలో మరొక వైద్య దంపతుల కృషి ఇంకొక దారి చూపింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అమెరికాలో ప్రజారోగ్యం చదివి వచ్చి 1980ల మధ్యలో ‘సెర్చ్’ సంస్థను ప్రారంభించారు. ఆసుపత్రి కట్టడాలంటేనే గిరిజనులు జంకుతున్నారని గ్రహించి, గుడిసెల తరహాలో వైద్యశాల కట్టి, వారి దేవత దంతేశ్వరి పేరు పెట్టారు. అయితే వారి ప్రధాన కృషి ఆ వైద్యశాలకు బయట జరిగింది. పల్లెలలో పుట్టిన నెలలోపే పసికందులు మరణిస్తున్నారు. అప్పటికి ఆ మరణాలను ఆపాలంటే పెద్దాసుపత్రి తప్ప మార్గం లేదని వైద్యలోకం అనుకునేది. బంగ్ దంపతులు కొద్దిపాటి చదువు ఉన్న గ్రామ మహిళలకు శిక్షణ ఇచ్చారు. శిశువును తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి ఆడకపోతే చేయవలసినది, ఇన్ఫెక్షన్ లక్షణాలు గుర్తించి ఇంటివద్దనే ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పారు. 39 గ్రామాలలో జరిగిన ఈ ప్రయత్నంలో నవజాత శిశు మరణాలు ఇతర గ్రామాలతో పోల్చితే 62 శాతం తగ్గాయి. 1999 డిసెంబరులో లాన్సెట్ పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది. ఇంటివద్ద శిశు సంరక్షణ తరువాత దేశవ్యాప్త కార్యక్రమమైంది.

తెలుగు నేలమీద ఇటువంటి ఆలోచన మరీ కొత్తది కాదు. నెల్లూరు ప్రజావైద్యశాలలో పుచ్చలపల్లి సుందరయ్య సోదరులు డాక్టర్ రామచంద్రారెడ్డి పల్లె యువకులకు ప్రాథమిక వైద్యం నేర్పి గ్రామాలకు పంపారు.

గడ్చిరోలి అనుభవం నేడు చంద్రపూర్ బస్తీలలో ఆశా కార్యకర్త రూపంలో తలుపు తడుతున్నది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా వ్యవస్థ వచ్చింది, తరువాత నగరాలకూ విస్తరించింది. ఆసుపత్రిలో ప్రసవమైతే ఆమె 42 రోజులలో ఆరుసార్లు, ఇంటివద్ద ప్రసవమైతే ఏడుసార్లు రావాలి. ఆమె ఏ కార్డూ అడగదు. అద్దె ఇంట్లో నెల క్రితమే దిగిన కుటుంబమైనా, గుడారంలో ఉన్న కూలీ కుటుంబమైనా ఆమె జాబితాలో చేరదగినదే. వలస కుటుంబాలు తమంతట తామే పేరు చెప్పుకోకపోతే మాత్రం ఆమె జాబితాలో కనబడవు.

మహారాష్ట్ర అధికార భాషలో ఆమె పేరు ‘ఆశా స్వయంసేవిక’. ఈ ‘స్వయంసేవిక’ అన్న మాట గురించి ఆలోచించవలసి ఉన్నది. ఆమెకు నెల జీతం లేదు, చేసిన పనిని బట్టి ప్రోత్సాహకం, కొంత గౌరవ వేతనం. తెల్లవారుజామున గర్భిణిని ఆసుపత్రికి చేర్చేది, క్షయ రోగి చేత మాత్రలు మింగించేది, సర్వేలన్నీ చేసేది ఆమే. 2023-24లో రాష్ట్రమంతటా ఆశాలు సమ్మె చేసిన తరువాత గౌరవ వేతనం పెరిగింది. స్వచ్ఛందమన్న మాటను చౌక శ్రమకు మారుపేరుగా వాడితే ఆ సేవ ఎంతో కాలం నిలవదు. తలుపు తట్టిన ఆశాకు కూర్చోను పీట వేసి, అడిగినదానికి నిజం చెప్పడం బస్తీవారు చేయగల కనీస సహకారం.

స్వచ్ఛంద వైద్యానికి హద్దులున్నాయి. ఒక్కరోజు శిబిరంలో రక్తపోటు ఉందని తేలవచ్చు, మధుమేహం బయటపడవచ్చు. కాని ఆ రెండూ జీవితాంతం మందులు కోరే జబ్బులు. శిబిరంలో ఇచ్చిన పది రోజుల మాత్రలతో ఆగిపోతే రోగికి మేలు కంటె భ్రమ ఎక్కువ. శిబిరంలో ఇచ్చిన చీటీని పారవేయకుండా మరునాడే దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రంలో చూపించాలి. గుండె శస్త్రచికిత్స, క్యాన్సర్ చికిత్స వంటివి సేవాభావంతో మాత్రమే జరిగేవి కావు. వాటికి పథకం కావాలి, పథకానికి పత్రాలు కావాలి. అందువల్ల స్వచ్ఛంద కార్యకర్త చేయగల గొప్ప మేలు కొన్నిసార్లు మందు ఇవ్వడం కంటె, దరఖాస్తు నింపి తహసీలు కార్యాలయానికి వెంట వెళ్లడమే.

మరొక సంగతి చాలామందికి తెలియదు. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే చోట పొరపాటు జరిగితే వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్లే వీలు లేదని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. కొందరి వద్ద రుసుము తీసుకొని మరికొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో మాత్రం ఉచిత రోగికీ ఆ హక్కు ఉంటుంది. ఎక్కడైనా వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. ఉచిత శిబిరమైనా వైద్యుని పేరు, నమోదు సంఖ్య అడగడం అవమానం కాదు.

ఏ కార్డూ లేకున్నా ఇప్పుడు అందుబాటులో ఉన్నవీ తక్కువేమీ కాదు. 2023 ఆగస్టు 15 నుంచి మహారాష్ట్ర ప్రజారోగ్య శాఖ ఆసుపత్రులలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని జిల్లా ఆసుపత్రి వరకు, చికిత్సకు రుసుము లేదు. వైద్య విద్యా శాఖ కింద ఉండే వైద్య కళాశాల ఆసుపత్రులకు ఈ నిర్ణయం వర్తించదు. చంద్రపూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నందున చీటీ తీసుకునే కిటికీ వద్దనే ఈ విషయం అడిగి తెలుసుకోవాలి. టీకాలు, కుష్ఠు మందులు, క్షయ మందులు ఎక్కడి వారికైనా ఉచితం. క్షయ రోగికి 2024 నవంబరు నుంచి పోషకాహారం కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో జమ అవుతాయి. 108 అంబులెన్సుకు డబ్బు ఇవ్వనక్కరలేదు.

ఊరి కార్డులలో ఒకటి మాత్రం నదిని దాటుతుంది. అది ఆయుష్మాన్ భారత్ కార్డు. తెలంగాణలోనో, ఆంధ్రప్రదేశ్‌లోనో ఆ జాబితాలో పేరున్న కుటుంబం దేశంలో ఆ పథకంలో చేరిన ఏ ఆసుపత్రిలోనైనా చికిత్స పొందవచ్చు. పేరు ఉన్నదీ లేనిదీ 14555 సంఖ్యకు ఫోను చేసి తెలుసుకోవచ్చు. 70 ఏళ్లు నిండిన వృద్ధులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఆ కార్డు ఇస్తున్నారు, ఆధార్ చాలు. మహారాష్ట్ర పథకం వివరాలకు 155388.

క్షయ మందులు వాడుతున్నవారు పండుగకో, నాట్లకో సొంతూరు వెళ్లేటప్పుడు తమ నిక్షయ్ సంఖ్యను రాసుకొని వెళితే, అక్కడి ఆరోగ్య కేంద్రంలో అదే చికిత్స మధ్యలో తెగకుండా కొనసాగుతుంది. బయలుదేరే ముందు ఆశాకు ఒక మాట చెబితే ఆమె మార్పు నమోదు చేయిస్తుంది.