కోట్ల బిందువుల నేల నమూనా: భారం తగ్గించాలి, గట్టు చెరగకూడదు

రహదారి, రైలు మార్గం, కాలువ.. ఏది నిర్మించాలన్నా ముందుగా నేల ఎత్తుపల్లాలు తెలియాలి. ఒకప్పుడు నెలల తరబడి సాగిన ఈ సర్వేను లేజర్ కిరణాలతో పనిచేసే లైడార్ పరిజ్ఞానం వారాల్లోకి కుదించింది. 508 కిలోమీటర్ల ముంబై–అహ్మదాబాద్ హైస్పీడ్ రైలు మార్గానికి హెలికాప్టర్ నుంచి ఇటువంటి సర్వేనే నిర్వహించారు. అయితే ఇలా వచ్చిపడే అపార సమాచారాన్ని కంప్యూటర్‌లో సవరించడం డిజైన్ ఇంజినీర్లకు సవాలుగా మారింది.

భారం ఎందుకు?

సివిల్ 3డి వంటి సాఫ్ట్‌వేర్‌లు సర్వే బిందువులను త్రిభుజాలుగా కలిపి నేల ఉపరితలాన్ని రూపొందిస్తాయి. సోవియట్ గణితవేత్త బోరిస్ డెలోనే 1934లో ప్రతిపాదించిన పద్ధతే దీనికి ఆధారం. కిలోమీటరు పొడవు, 300 మీటర్ల వెడల్పు గల పట్టీలో చదరపు మీటరుకు 10 బిందువులుంటే మొత్తం 30 లక్షల బిందువులు, దాదాపు 60 లక్షల త్రిభుజాలు ఏర్పడతాయి. పైగా చేసిన ప్రతి సవరణా ఒక జాబితాలో వరుసగా చేరుతుంది. ఉపరితలాన్ని పునర్నిర్మించినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ ఆ జాబితాను తిరిగి అమలు చేస్తుంది. చిన్న మార్పుకు సైతం ఎక్కువసేపు నిరీక్షించాల్సి రావడానికి ఇదే ప్రధాన కారణం.

తగ్గించే మార్గాలు

బిందువులను చేర్చక ముందే అవసరమైన ప్రాంతానికి హద్దు గీయాలి. తర్వాత చేర్చే సమాచారానికి మాత్రమే ఆ హద్దు వర్తిస్తుంది కనుక ఈ క్రమం ముఖ్యం. సవరణలు సాగుతున్నంతసేపు ఆటోమేటిక్ రీబిల్డ్‌ను నిలిపివేసి, అన్నీ పూర్తయ్యాక ఒకేసారి పునర్నిర్మించాలి. ఒక దశ ముగిశాక ‘స్నాప్‌షాట్’ తీసుకుంటే అంతకు ముందరి పనులను సాఫ్ట్‌వేర్ మళ్లీ చేయదు. అయితే మూల సమాచారం మారితే స్నాప్‌షాట్‌నూ నవీకరించాలి. మార్చాల్సిన భాగాన్ని చిన్న ఉపరితలంగా విడిగా సిద్ధం చేసి, పెద్దదానిలో అతికించడం మరో మార్గం.

ఎక్కడ జాగ్రత్త?

చదునైన పొలంలో బిందువులను పలుచన చేసినా పెద్దగా నష్టం లేదు. కానీ చెరువు గట్టు, కాలువ అంచు వంటి చోట్ల అవి తొలగిపోతే త్రిభుజాలు గట్టును దాటి అల్లుకుంటాయి. నేలపై ఉన్న గట్టు నమూనాలో మాయమవుతుంది. నీటి పారుదల దిశ తప్పుగా కనిపించి, కల్వర్టు వేరొక చోటికి మారే ప్రమాదముంది. అందువల్ల ఇటువంటి అంచులను ముందుగా ‘బ్రేక్‌లైన్లు’గా గుర్తించాలి. త్రిభుజాల భుజాలు ఈ గీతలను అడ్డంగా దాటవు.

లెక్కల్లోనూ తేడా వస్తుంది. 60 మీటర్ల వెడల్పున, కిలోమీటరు పొడవునా ఎత్తు 10 సెంటీమీటర్లు తప్పితే మట్టి పరిమాణం 6,000 ఘనపు మీటర్ల మేర మారుతుంది. ఆ వ్యత్యాసం నేరుగా బిల్లుల్లో ప్రతిఫలిస్తుంది.

కాబట్టి తొలి సర్వే ఫైలును మార్చకుండా భద్రపరచాలి. కుదించిన ఉపరితలాన్ని అసలుదానితో పోల్చి, రెండింటి మధ్య ఘనపరిమాణ వ్యత్యాసాన్ని లెక్కించాలి. నమూనా తయారీలో వాడని కొన్ని బిందువుల ఎత్తులను క్షేత్రస్థాయిలో కొలిచి సరిచూడాలి. ఈ రెండు పరీక్షలూ నెగ్గిన తర్వాతే నమూనాను డిజైన్‌కు వాడటం శ్రేయస్కరం.