జంతు వేషానికి కొయ్యకాళ్ళు - తయారుచేసే పద్ధతి



హాస్టల్ వార్షికోత్సవం దగ్గర పడగానే "ఈసారి ఏం వేషం వేద్దాం?" అనే మాట ప్రతి గదిలోనూ మొదలవుతుంది. పులి, జింక, గుర్రం, ఎద్దు లాంటి వేషాలంటే వేసేవాళ్ళకూ ఇష్టమే, చూసేవాళ్ళకూ ఇష్టమే. అట్టతో ముఖం చేస్తాం, రంగు పూస్తాం, తోక కడతాం. ఇంత చేసినా స్టేజీ ఎక్కి నాలుగడుగులు వేయగానే లోపల ఉన్నది మనిషేనని తెలిసిపోతుంది. ముఖం పులిది, నడక మాత్రం మనది. జంతువును జంతువుగా చూపించేది ముఖం కంటే ఎక్కువగా దాని కాళ్ళే. ఆ కాళ్ళను తక్కువ ఖర్చుతో, ఎవరికీ దెబ్బ తగలకుండా తయారు చేసుకోవడం ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

మన కీలుగుర్రాలు

కొయ్యకాళ్ళు మనకు కొత్తవి కావు. తిరునాళ్ళలో, దేవుడి ఊరేగింపుల్లో కీలుగుర్రాలు ఆడటం మీలో కొందరైనా చూసి ఉంటారు. వెదురు బద్దలతో గుర్రం ఆకారం అల్లి, దాని మీద కాగితం, గుడ్డ అతికి, రంగులు వేస్తారు. మధ్యలో ఉన్న ఖాళీలో కళాకారుడు దూరి, ఆ గుర్రాన్ని భుజాల నుంచి వేలాడదీసుకుంటాడు. తమిళనాడులో ఇదే ఆటను 'పొయ్‌క్కాల్ కుదిరై' అంటారు. పొయ్ అంటే అబద్ధం, కాల్ అంటే కాలు, కుదిరై అంటే గుర్రం. అంటే అబద్ధపు కాళ్ళ గుర్రం. కళాకారుడు కాళ్ళకు కొయ్యలు కట్టుకుని ఆడతాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. కర్ణాటకలో కొయ్యకాళ్ళను మరగాలు అంటారు. ఛత్తీస్‌గఢ్‌లో హరేలీ పండుగకు పిల్లలు 'గేడీ' అనే వెదురు కాళ్ళెక్కి తిరుగుతారు.

ఫ్రాన్సు దేశంలో లాండ్ అనే ప్రాంతం ఒకప్పుడు బురద నేల. అక్కడి గొర్రెల కాపరులు పొడవాటి కొయ్యకాళ్ళు కట్టుకుని, దూరం నుంచే మందను చూసుకునేవారు. ఆ ప్రాంతం వాడే అయిన సిల్వేన్ డోర్నన్ 1891లో పారిస్ నుంచి మాస్కో వరకు కొయ్యకాళ్ళ మీద నడిచాడు. ఇక నాటకాల విషయానికి వస్తే, 1997లో అమెరికాలో మొదలైన 'ది లయన్ కింగ్' ప్రదర్శనలో జిరాఫీ వేషం వేసినవాళ్ళు కాళ్ళకే కాకుండా చేతులకూ కొయ్యలు తగిలించుకుని నాలుగు కాళ్ళ మీద నడుస్తారు.

అయితే వీటిలో చాలావరకు మనిషిని ఎత్తుగా చూపించేవే. మనకు కావలసింది ఎత్తు కాదు, జంతువు కాలి ఆకారం. అందుకు ముందు ఆ కాలిని సరిగా అర్థం చేసుకోవాలి.

జంతువు మోకాలు వెనక్కి వంగుతుందా?

మన మెట్ట ప్రాంతంలో గొర్రెల మందలకు కొదవ లేదు. నెల్లూరు జాతి గొర్రె మన దేశపు గొర్రెలలోకెల్లా ఎత్తైనదని పేరు. ఈసారి మంద ఎదురైనప్పుడు ఒక గొర్రె వెనక కాలిని పరీక్షగా చూడండి. కాలి మధ్యలో ఒక కీలు వెనక్కి పొడుచుకు వచ్చి కనిపిస్తుంది. దాన్ని చూసి మనం "గొర్రె మోకాలు వెనక్కి వంగుతుంది" అనుకుంటాం. అది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్టకు దగ్గరగా, మన మోకాలి లాగానే ముందుకే వంగి ఉంటుంది.

నడిచే తీరును బట్టి జంతువులను మూడు రకాలుగా చెప్పుకోవచ్చు.

1. అరికాలు మొత్తం నేలకు ఆన్చి నడిచేవి: మనిషి, ఎలుగుబంటి.
2. మడమ పైకెత్తి వేళ్ళ మీద నడిచేవి: కుక్క, పిల్లి, పులి.
3. వేళ్ళ చివర ఉన్న గిట్టల మీద నడిచేవి: ఆవు, గొర్రె, జింక, గుర్రం. ఆవుకు, గొర్రెకు రెండేసి వేళ్ళ మీద బరువు పడుతుంది. గుర్రానికి ప్రతి కాలికీ ఒకటే వేలు.

కాబట్టి ఎలుగుబంటి వేషానికి కొయ్యకాళ్ళ అవసరమే లేదు. పులికి, జింకకు మాత్రం మడమ పైకి లేవాలి. ముందు కాళ్ళ సంగతి వేరు. గుర్రం ముందు కాలికి మోకాలిలా కనిపించేది నిజానికి మన మణికట్టుతో సమానం. ఇద్దరు కలిసి ఒకే గుర్రం వేషం వేస్తే, వెనక ఉన్నవాడికే ఈ కొయ్యకాళ్ళు కావాలి.

ఎత్తు ఎంత ఉండాలి?

గరిమనాభి గురించి సైన్సు పాఠంలో చదువుకున్నారు కదా. గరిమనాభి నుంచి కిందికి గీసిన నిలువు గీత ఆధారం లోపల పడితే వస్తువు నిలబడుతుంది, బయట పడితే పడిపోతుంది. కొయ్యకాళ్ళు ఎక్కితే గరిమనాభి పైకి పోతుంది, నేలకు ఆనే ఆధారం చిన్నదవుతుంది. రెండూ పడిపోవడానికి అనుకూలమే. అందుకే ఎత్తును తగ్గించాలి. వేళ్ళ దగ్గర 12 సెం.మీ., మడమ దగ్గర 20 సెం.మీ. చాలు. ప్రేక్షకులను నమ్మించేది పైకి లేచిన మడమే.

కావలసిన వస్తువులు

- 18 మి.మీ. మందం ప్లైవుడ్ ముక్కలు (కార్పెంటర్ దగ్గర మిగిలినవి చాలు)
- రెండున్నర సెం.మీ. వెడల్పు ఉన్న గట్టి వెదురు బద్దలు నాలుగు
- స్క్రూలు, ఫెవికాల్, నాలుగు బోల్టులు, వాటికి నట్లు, వాషర్లు
- పాత టైరు ముక్క
- వెనక పట్టీ ఉన్న గట్టి బూట్లు
- పాత బ్యాగుల బకిల్ పట్టీలు
- పాత పరుపులోని స్పాంజి, చిరిగిన దుప్పటి, అట్ట, రంగులు

తయారుచేసే విధానం

మొదట బూటు కొలతకు పాదపలక కోయాలి. తర్వాత నేలకు ఆనే కింది పలకను 20 సెం.మీ. పొడవు, 12 సెం.మీ. వెడల్పుతో కోయాలి. ఈ రెంటినీ కలపడానికి రెండు పక్క చెక్కలు కావాలి. వాటి ముందు అంచు తక్కువగా, వెనక అంచు ఎక్కువగా ఉంటే పాదపలక దానంతటదే ముందుకు వాలుతుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. కింది పలక వేళ్ళ కింద మొదలై చీలమండ కింద ఆగిపోవాలి. మడమ దాని వెనక గాలిలో ఉండాలి. అలా ఉంటేనే అది జంతువు కాలిలా కనిపిస్తుంది. కింది పలకను వేళ్ళ కింద మాత్రమే పెడితే మనిషి వెనక్కి పడతాడు. మడమ దాకా పొడిగిస్తే ఎత్తు చెప్పులా కనిపిస్తుంది. ఒకరు పట్టుకుని ఉండగా మీరు ఎక్కి నిలబడండి. దారానికి రాయి కట్టి మీ తుంటి ఎముక పక్క నుంచి వేలాడదీయించండి. ఆ దారం కింది పలక మధ్య భాగం దగ్గరకు రావాలి. రాకపోతే పలకను ముందుకో వెనక్కో జరిపి మళ్ళీ చూడండి. అది కుదిరిన తర్వాతే ఫెవికాల్ పూసి గట్టిగా బిగించండి. మేకులు మాత్రం వద్దు, అడుగులు వేసే అదురుకు అవి మెల్లగా ఊడివస్తాయి. ఫెవికాల్ ఆరడానికి ఒక రోజు వదిలేయండి.

తర్వాత కాలికి రెండు వైపులా వెదురు బద్దలు. అవి పక్క చెక్కల నుంచి మోకాలి కింద దాకా రావాలి. ఒక్కో బద్దను చీలమండ ఎత్తులో ఒకే ఒక బోల్టుతో బిగించాలి. అప్పుడు కాలు ముందుకు, వెనక్కి వంగుతుంది, పక్కలకు మాత్రం మెలిక పడదు. చీలమండ బెణికేది పక్కకు మెలిక పడినప్పుడే. ఒక్కో బోల్టుకు రెండు నట్లు వేస్తే వదులు కాకుండా ఉంటుంది. పైన పిక్కకు ఒక పట్టీ, పాదం మీద ఒక పట్టీ ఉండాలి. తాడుతో ముడులు వేయవద్దు. పడినప్పుడు ఒక్క లాగుడుకు ఊడివచ్చే బకిలే మంచిది. కింది పలకకు టైరు ముక్కను గరుకు వైపు నేలకు ఆనేలా బిగించండి.

చెక్క పని తెలిసినవాళ్ళ సలహా తీసుకోవడానికి సిగ్గుపడకండి. ఉదయగిరి కొయ్య చెంచాలు భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువు. ఏ చెక్క ఎటు చీలుతుందో, ఎక్కడ విరుగుతుందో ఆ పనివాళ్ళ చేతికి తెలుసు. అలాంటివాళ్ళు ఉన్న ప్రాంతం మనది.

చివరగా స్పాంజి. తొడ దగ్గర లావుగా, కిందికి పోయే కొద్దీ సన్నగా అతికి, పైన దుప్పటి గుడ్డ కుట్టండి. అట్టతో గిట్టలు చేసి నల్లరంగు వేయండి. ఆవుకు, జింకకు మధ్యలో చీలిక ఉండాలి, గుర్రానికి ఉండకూడదు. పులికైతే గిట్టల బదులు స్పాంజితో గుండ్రటి పంజాలు చేయాలి.

ఎక్కే ముందు పరీక్ష

నడిచేటప్పుడు మన బరువంతా ఒక్కో క్షణం ఒకే కాలి మీద పడుతుంది. గట్టిగా అడుగు వేస్తే అంతకంటే ఎక్కువే పడుతుంది. అందుకని మీ బరువుకు రెట్టింపు బరువును ప్రతి కొయ్యకాలూ మోయగలగాలి. పరీక్షకు కావలసింది మన స్టోరు రూములోనే ఉంది. వార్డెన్ గారి అనుమతితో, కుక్ గారిని సాయం అడిగి, రెండు కొయ్యకాళ్ళ మీద అడ్డంగా ఒక చెక్క వేసి, దాని మీద 50 కిలోల బియ్యం బస్తాలు నాలుగు పెట్టించండి. అప్పుడు ఒక్కో దాని మీద 100 కిలోలు పడుతుంది. ఒక పూట తర్వాత దించి చూడండి. ఎక్కడైనా చీలిక గానీ, స్క్రూ కదలడం గానీ కనిపిస్తే దాన్ని పక్కన పడేయాల్సిందే. అతుకు వేసి వాడవద్దు.

నడక నేర్చుకోవడం

వార్షికోత్సవం రోజున మొదటిసారి ఎక్కకూడదు. కనీసం ఐదారు రోజులు సాధన కావాలి. అరుగు మీద కూర్చుని కట్టుకోండి. ఇద్దరు స్నేహితులు చెరో భుజం పట్టుకోవాలి. మట్టి నేల మీద చిన్న చిన్న అడుగులు వేయండి. మోకాళ్ళు కాస్త వంచి ఉంచండి. జంతువు నిలబడే తీరూ అదే, మనకు నిలకడ ఇచ్చేదీ అదే. కదలకుండా నిలబడటం నడవడం కంటే కష్టం, అందుకే అక్కడికక్కడే అడుగులు మారుస్తూ ఉండాలి. పడతామనిపిస్తే ముందుకు, మోకాళ్ళ మీద చేతుల మీద పడటం నేర్చుకోండి. మోకాళ్ళకు స్పాంజి కట్టుకోవడం మరవద్దు.

జాగ్రత్తలు

1. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు కొయ్యకాళ్ళు వద్దు. పిక్క వెనక స్పాంజి అతికి, మామూలు చెప్పులతోనే మడమ ఆకారం చూపించవచ్చు.
2. తడి నేల, నున్నటి బండలు, స్టేజీ మెట్లు పనికిరావు. స్టేజీ పైన కట్టుకుని, పైనే విప్పాలి.
3. నేల మీద మైకు వైర్లు, పైన లైట్ల వైర్లు ముందే చూసుకోవాలి.
4. స్పాంజి, గుడ్డ త్వరగా అంటుకుంటాయి. హారతికి, టపాకాయలకు దూరంగా ఉండాలి.
5. పది నిమిషాలకు మించి ఆడవద్దు. కాలు తిమ్మిరెక్కితే వెంటనే విప్పేయాలి.

ఈ జాగ్రత్తలు చదివి పిరికి మాటలనుకోవద్దు. మన వార్షికోత్సవాలు చాలావరకు పబ్లిక్ పరీక్షల ముందే వస్తాయి. పదో తరగతి పిల్లవాడి చీలమండ విరిగితే పోయేది ఒక్క వేషం కాదు, ఒక సంవత్సరం. కూలి మానుకుని ఊరి నుంచి మన ఆట చూడటానికి వచ్చే అమ్మానాన్నలు మనం ఆడి గెలవడం చూడాలి గానీ, ఆటోలో ఆసుపత్రికి పోవడం కాదు.

బాడుగ వేషాలకు మన దగ్గర డబ్బులుండవు. దానికి బాధపడాల్సిన పని లేదు. బాడుగకు తెచ్చే వేషాల్లో గుడ్డా ముఖమూ ఉంటాయి గానీ, ఇలాంటి కాళ్ళు అరుదు. గరిమనాభి పాఠం, జంతుశాస్త్రం పాఠం, కాస్త చెక్కపని, చిరిగిన దుప్పటి కలిస్తే ఆ కాళ్ళు మనమే చేసుకోగలం. ఒకసారి చేసినవాటిని జాగ్రత్తగా దాచి, కొలతలు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. వచ్చే ఏడాది మీ తర్వాత వచ్చే తమ్ముడు వాటి కంటే మంచివి చేస్తాడు.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

- ఒక పూర్వ విద్యార్థి